రెండించులే గదా సార్!

2010 జనవరి 26, మంగళవారం. ఊరంతా జెండా పండగ. కట్టుబడి పనివాళ్లకు ఆ సెలవు వర్తించదు. బళ్లారి గాంధీనగర్‌లో కడుతున్న ఐదంతస్తుల భవనం ఆ రోజు కుప్పకూలింది. జాతీయ విపత్తు స్పందన దళం వచ్చింది. ఒకదాని మీద ఒకటి పడుకున్న స్లాబులను కోసుకుంటూ దాదాపు వారం రోజులు వెతికింది. ఇరవై మందిని ప్రాణాలతో బయటికి తీసింది. శవాలై బయటికి వచ్చినవాళ్లు అంతకంటే ఎక్కువ.

అప్పట్లో బళ్లారి అంటే ఇనుప ఖనిజం, లారీలు, డబ్బు. ఊరు నిలువుగా పెరుగుతున్న కాలం. 2011 జూలైలో సుప్రీంకోర్టు జిల్లాలో గనుల తవ్వకాన్ని ఆపించింది. అపార్టుమెంట్లు మాత్రం ఆగలేదు. ఆ రోజుల్లో కట్టినవి ఇప్పుడు పాతబడ్డాయి. బాత్రూముల్లో చెమ్మ, వంటింట్లో నల్లబడ్డ టైల్సు, హాల్లో ఒకే ఒక ప్లగ్గు. అందుకే ఇప్పుడు ఏ వీధిలో నిలబడినా పైనుంచి బ్రేకర్ మోతే వినిపిస్తుంది.

గాంధీనగర్‌లోని అలాంటి ఒక ఇంటి కథ ఇది. రెండో అంతస్తు, రెండు పడగ్గదులు. ఇల్లు, మనుషులు, వాళ్ల మాటలు కథ కోసం కూర్చినవి. తేదీలు, ప్రమాదాలు, బరువుల లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. బళ్లారిలో చాలా ఇళ్లు అంతే. అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. కోడలి కోరిక ఒక్కటే: వంటింటికీ హాలుకూ మధ్య గోడ పోవాలి. పొయ్యి దగ్గర నిలబడితే ఏప్రిల్‌లో ఊపిరాడదు, టీవీ కనపడదు, పిల్లలు ఏం చేస్తున్నారో తెలియదు. కొడుక్కి నల్ల గ్రానైటు మీద మోజు. అత్తకు నీళ్ల బెంగ. కుళాయి రోజూ రాని ఊరు, బాల్కనీలో ఒక పెద్ద ట్యాంకు పెట్టిస్తే చాలునంటుంది.

ఇంటీరియర్ కుర్రాడు ఫోన్లో బొమ్మలు చూపించాడు. బొమ్మలో వాళ్ల హాలు వాళ్లకే గుర్తుపట్టరానంత పెద్దగా ఉంది. ఒక్క చిక్కు: హాలు మూలలో పిల్లరు గోడకన్నా బయటికి పొడుచుకొచ్చింది. టీవీ యూనిటూ వార్డ్‌రోబూ ఒకే వరసలో రావాలంటే అది అడ్డం.

"రెండించులే గదా సార్. చెక్కేసి నున్నగా ప్లాస్టరింగ్ చేస్తే ఎవరికీ తెలీదు," అన్నాడు.

కొడుకు సరేనన్నాడు. మనమైనా అంటాం. ఎనిమిది లక్షల పనిలో రెండించులు ఎవరికి పట్టింది?

సోమవారం పొద్దున మేస్త్రి వచ్చాడు. ఆదోని వైపు మనిషి, అరవై దాటాయి, చెవి మీద పెన్సిలు. ముందు వంటింటి గోడ చూశాడు. సుత్తి వెనకవైపుతో తట్టాడు, తల పైకెత్తి గోడకూ పైన బీముకూ మధ్య సన్నటి చీలిక గీతను వేలితో చూపించాడు.

"ఇది నాలుగున్నర ఇంచుల అడ్డగోడమ్మా. దీని మీద ఏ బరువూ లేదు. తియ్యొచ్చు. పైన బీముంది, దాన్ని ముట్టుకోకుంటే చాలు. ఎందుకైనా మంచిది, ఒక్కసారి ఇంజినీరుకు చూపించండి."

కోడలి మొహం విప్పారింది. తర్వాత కుర్రాడు పిల్లరు దగ్గరికి తీసుకుపోయి సుద్దముక్కతో గీత గీశాడు. గీత దాకా కొట్టమన్నాడు. మేస్త్రి కొట్టలేదు. బీడీ కోసం జేబు తడుముకుని, ఇల్లని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ పని నాకొద్దు సార్. కూలి ఇయ్యకున్నా సరే."

"ఏమప్పా, రెండించులకేనా?" అన్నాడు కొడుకు.

మేస్త్రి మాట్లాడకుండా ఉలి తీసుకున్నాడు. పిల్లరు అడుగున, టైలుకు జానెడు పైన, అగ్గిపెట్టెంత మేర పైపూత మాత్రం ఊడగొట్టాడు. అరంగుళం ప్లాస్టరింగ్ రాలింది. దాని వెనక బూడిద రంగు కాంక్రీటు, కంకర రాళ్ల మొనలు. ఒక మూల గుండుసూది దూరేంత సన్నటి పగులు, దాని అంచున తుప్పు మరక.

"ఇక్కడి నుంచి ఇంకో అంగుళంన్నర పోతే కడ్డీలు తగుల్తాయి. కడ్డీల చుట్టూ రింగులుంటాయి. మీ కుర్రోడు గీసిన గీత రింగుల అవతలుంది. ఈ మరక చూడండి. లోపల తుప్పు ఇప్పటికే మొదలైండాది."

మేస్త్రి బడిలో నేర్చిన లెక్క కాదుగానీ సరిగ్గానే చెప్పాడు. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం పిల్లర్లలో కడ్డీకి వెలుపల కనీసం 40 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. అంటే అంగుళంన్నర పైచిలుకు. ఆ పొర అలంకారం కాదు. ఇనుముకు గాలీ నీరూ తగలకుండా కాపాడేది అదే, మంట పుడితే ఇనుము మెత్తబడకుండా కాసేపు ఆపేదీ అదే. రెండించులు చెక్కితే మొత్తం పోతుంది. రింగులు తెగితే నిలువు కడ్డీలు బరువుకు పక్కకు ఉబ్బుతాయి. ఇక ఆ పిల్లరు ఆ ఇంటి పిల్లరే కాదు. కింద రెండిళ్లదీ, పైన మూడిళ్లదీ.

దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో సాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ 1995 జూన్ 29న కూలినప్పుడు 502 మంది చనిపోయారు. కారణాల జాబితా పెద్దది. ఎస్కలేటర్ల చోటు కోసం పిల్లర్లను కుదించారు, ఐదో అంతస్తును తర్వాత హోటళ్లకు మార్చి నేల బరువు పెంచారు, మిద్దె మీది ఏసీ యంత్రాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపారు. ప్రతి మార్పూ చేసిన రోజున చిన్నదే.

"అయితే అపార్టుమెంటే పడిపోతాదా?" అన్నాడు కొడుకు, కొంచెం ఎగతాళిగా.

జవాబు మేస్త్రి కంటే ముందు అత్త చెప్పింది. ఆమె అప్పటిదాకా బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

"ఆ జెండా పండగ మర్చిపోయినావేమి రా? దుమ్ము మనింటి దాకా వచ్చింది. మనం నిద్రపోయినామా ఆ వారం?"

కొడుకు ఇంజినీరుకు ఫోన్ చేశాడు.

వచ్చినామె నడివయసు స్ట్రక్చరల్ ఇంజినీరు. బిల్డరు ఇచ్చిన పాత డ్రాయింగులు అడిగింది. అసోసియేషన్ బీరువాలో పదేళ్లుగా ఎవరూ విప్పని చుట్ట ఒకటి దొరికింది. దాన్ని నేల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు డబ్బాలు పెట్టారు. ఆమె ముందు పిల్లరు సంగతి ఒక్క మాటలో తేల్చేసింది: ముట్టుకోవద్దు, పగులు దగ్గర వదులైన పొర తీసి, తుప్పు గీకి, మళ్లీ పూడ్చాలి. మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు. అడ్డగోడ తీయడానికి ఒప్పుకుంది. తర్వాత ఎవరూ అడగని ప్రశ్న ఒకటి వేసింది.

"గ్రానైటు ఎక్కడ పరుస్తారు? పాత టైల్సు తీసేసా, వాటి మీదేనా?"

"మీదే మేడమ్. పగలగొడితే నాలుగు రోజులు వేస్టు," అన్నాడు కుర్రాడు.

ఆమె డ్రాయింగు అంచున లెక్క వేసింది. 20 మిల్లీమీటర్ల మందం గ్రానైటు చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు. దాని కింద రెండించుల ఇసుక-సిమెంటు పరుపు ఇంకో 10 కిలోలు. కలిపి 15. హాలు 240 చదరపు అడుగులు. అంటే ఇప్పుడున్న నేల మీద కొత్తగా మూడున్నర టన్నులు. ఇళ్ల స్లాబులను మనుషులు, సామాను కోసం చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన డిజైన్ చేయాలని ప్రమాణం చెబుతుంది. అడుగుల్లో 18 కిలోల పైచిలుకు. దాంట్లో 15 గ్రానైటే తినేస్తే, సోఫాకూ చుట్టాలకూ మిగిలేది ఎంత?

"కూలిపోతుందని కాదు," అంది ఆమె. "అదనపు బలం కొంత పెట్టే కడతారు. కానీ అది మనకు తెలియని లోపాల కోసం పెట్టింది. మీ గ్రానైటు కోసం కాదు."

తర్వాత గురుగ్రామ్ సంగతి చెప్పింది. మేస్త్రి కూడా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

సెక్టార్ 109లో చింటెల్స్ పారడిసో అనే పెద్ద అపార్టుమెంట్ల సముదాయం. ఖరీదైన ఫ్లాట్లు, కట్టి ఎన్నో ఏళ్లు కాలేదు. 2022 ఫిబ్రవరి 10 సాయంత్రం డి టవరు ఆరో అంతస్తులో ఒక ఫ్లాటుకు కొత్త హంగులు చేస్తున్నారు, నేల పని నడుస్తోంది. ఆ గది స్లాబు ఊడి ఐదో అంతస్తు హాల్లో పడింది. ఆ బరువుకు ఐదో అంతస్తు స్లాబు నాలుగులోకి, నాలుగుది మూడులోకి, అలా మొదటి అంతస్తు దాకా. కింది అంతస్తుల్లో ఎవరి ఇంట్లో వాళ్లు ఉన్న ఇద్దరు మహిళలు చనిపోయారు. వాళ్లు ఏ గోడా కొట్టలేదు, ఏ టైలూ మార్చలేదు.

తప్పంతా నేల పనిదేనా అంటే కాదు. ఢిల్లీ ఐఐటీ నిపుణులు పరిశీలిస్తే కాంక్రీటులో క్లోరైడ్లు తేలాయి. అవి ఇనుమును లోపల్నుంచే తుప్పు పట్టించేశాయి. ఆ టవరు మరమ్మతుకు పనికిరాదని, కూల్చడమే మార్గమని చెప్పారు. భవనం బయటికి నిగనిగలాడుతూనే ఉంది. లోపలి జబ్బు బ్రేకరు పెట్టిన రోజు బయటపడింది.

కుర్రాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. పాపం, అతని తప్పూ పూర్తిగా కాదు. అతనికి బొమ్మలు గీయడం నేర్పారు, బొమ్మ కింద ఏముందో నేర్పలేదు. మన ఊళ్లలో ఇంటీరియర్ ప్యాకేజీలో సోఫా గుడ్డ రంగు దాకా ఉంటుంది. ఇంజినీరు ఫీజుకు మాత్రం గడి ఉండదు. ఇది మారాలని నేను గట్టిగా అంటాను.

బళ్లారి కోట గురించి ఈ ఊళ్లో ఒక కథ ప్రచారంలో ఉంది. హైదర్ అలీ ఒక ఫ్రెంచి ఇంజినీరును పెట్టి కోటను బాగు చేయించాడట. అంతా అయ్యాక చూస్తే ఎదురుగా ఉన్న కుంబార గుడ్డ కోట కన్నా ఎత్తు, అక్కడ ఫిరంగి పెడితే కోట అరచేతిలో ఉన్నట్టే. ఆ ఇంజినీరును ఉరి తీయించాడని అంటారు. ముందు చుట్టూ చూడకుండా రిపేరు మొదలుపెట్టే అలవాటు ఈ ఊరికి కొత్త కాదన్నమాట. శిక్షలు మాత్రం తగ్గాయి.

ఇంజినీరు మాటతో ఇంటి లెక్క మారింది. పాత టైల్సు, వాటి కింది పరుపూ తీసేసి, పలచని విట్రిఫైడ్ టైల్సు వేయాలి. గ్రానైటు వంటింటి గట్టుకు మాత్రం. కొడుకు మొహం ముడుచుకుంది, ఒప్పుకున్నాడు. అత్త ట్యాంకు కూడా పోయింది. వెయ్యి లీటర్లంటే సరిగ్గా టన్ను, అదీ గాల్లోకి పొడుచుకొచ్చిన బాల్కనీ అంచున. ఆమె ఒప్పుకోలేదు. చివరికి మూడు చిన్న డ్రమ్ములు, లోపలి గోడ వెంట, విడివిడిగా అన్న రాజీకి దిగింది. ఒకటి పూజ గదిలో పెట్టించింది.

పని మొదలయ్యాక మేస్త్రి నియమం ఒకటి పెట్టాడు. పగిలిన టైల్సు, మట్టి సంచుల్లో ఎత్తి ఏ రోజుది ఆ రోజు కిందికి దించాల్సిందే. లిఫ్టులో వద్దన్నారు అసోసియేషన్ వాళ్లు, మెట్ల మీద మోసుకెళ్లారు. కొత్త సిమెంటు బస్తాలు ఒకేసారి తెప్పించవద్దన్నాడు. 50 కిలోల బస్తాలు నలభై గది మధ్యలో పేరిస్తే రెండు టన్నులు. చాలా ఇళ్లలో గోడ కొట్టినందుకు కాదు, కొట్టిన గోడను అక్కడే కుప్ప పోసినందుకు స్లాబులు నెర్రెలిస్తాయని అతను చెప్పిన మాట ఇంజినీరు కూడా కాదనలేదు.

కరెంటు పని తొందరగానే అయింది: ఏసీకి విడి లైను, బోర్డులో షాకు కొట్టకుండా ఆపే 30 మిల్లీఆంపుల స్విచ్చి. గాడి కొట్టేటప్పుడు గోడలో అడ్డంగా పొడుగ్గా కొట్టొద్దు, నిలువుగానే కొట్టమన్నారు. అంతే.

అసలు తగువు బాత్రూము దగ్గర వచ్చింది.

కింది ఫ్లాటాయన ఏడాదిగా మొర పెట్టుకుంటున్నాడు. తన బాత్రూము సీలింగు మీద పచ్చటి మరక పెద్దదవుతోందని. వీళ్లు ఏడాదిగా "మాది కాదు, పైపులది" అంటున్నారు. నేల తవ్వితే తేలింది. బాత్రూము స్లాబును కావాలనే పల్లంగా పోసి, ఇటుక ముక్కలతో నింపుతారు. ఆ ఇటుక ముక్కలు బురదలో నానినట్టు నల్లగా, వాసన కొడుతూ బయటికి వచ్చాయి. నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్ చుట్టూ సందు. ఇన్నేళ్లూ స్నానం నీళ్లు సగం మోరీలోకి, సగం కింది ఇంటి కప్పులోకి పోతున్నాయి. తడి చేరితే కడ్డీ తుప్పు పడుతుంది, తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటును పగలదీస్తుంది. పిల్లరు మీద మూల మరకకూ ఈ ఇటుకలకూ చుట్టరికం ఉందేమోనని ఇంజినీరు ఆ మూలను తడిమి చూసింది.

ఇటుక ముక్కలన్నీ తీసి, ఆరబెట్టి, మూలలు గుండ్రంగా పూసి, రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్ వేశారు. ట్రాపు మూసి నాలుగంగుళాల నీళ్లు నింపి రెండు రోజులు వదిలేశారు. మేస్త్రి నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిలు గీత గీశాడు.

మూడో రోజు పొద్దున అందరూ కింది ఫ్లాటులో ఉన్నారు. కిందాయన స్టూలెక్కి అరచేత్తో సీలింగంతా తడిమాడు. వేళ్లు చూసుకున్నాడు. మళ్లీ తడిమాడు.

"పొడిగానే ఉంది," అన్నాడు, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు. స్టూలు దిగకుండానే కొడుకు వైపు తిరిగాడు. "ఏడాది మరక గదా, ఈ పెయింటు ఖర్చెవరిది?"

"మీ పాత పెయింటు గూడా అంత కొత్తదేం కాదు గదన్నా," అన్నాడు కొడుకు.

అత్త కల్పించుకుంది. సీలింగుకు మాత్రం మనం ఇస్తాం, గోడలకు ఇవ్వమంది. ఆయన గోడల మీదికి దిగిన మరక చూపించాడు. ఆమె కళ్లద్దాలు తెప్పించుకుని చూసింది. సగం సగానికి తెగేసరికి మధ్యాహ్నం అయింది.