ఒక్కదానివే వచ్చినవా?

మన తెలుగులో "సత్రం భోజనం, మఠం నిద్ర" అని ఒక మాట ఉంది. ఇల్లూ వాకిలీ పట్టకుండా, ఎక్కడ పొద్దు గూకితే అక్కడ నడుం వాల్చే మగవాడి గురించి అంటారు. కొంచెం వెటకారం ఉన్నా, అందులో కాస్త ముద్దు కూడా ఉంటుంది. అదే మాట ఒక ఆడమనిషి గురించి ఎవరైనా అనగా విన్నారా? నేనైతే వినలేదు. ఆమె అలా తిరిగితే అనడానికి వేరే మాటలు ఉన్నాయి, అవి ఇక్కడ రాయను.

మేముండేది సంగారెడ్డిలో. ఇక్కడి నుంచి పటాన్‌చెరు, రామచంద్రాపురం దాకా బొంబాయి రోడ్డు పొడవునా ఫ్యాక్టరీలు, కాలేజీలే. అందుకని చుట్టాల్లో ఏ ఆడపిల్లకు ఇటువైపు ఇంటర్వ్యూ పడినా, ట్రైనింగ్ పడినా, పరీక్షా కేంద్రం పడినా ముందు ఫోన్ మోగేది మా ఇంట్లోనే. "పెద్దమ్మా, పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడుండాలట, రాత్రి ఎక్కడుండను?" అని. మా ఇంట్లో చోటుంటే సరే. లేకపోతే? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను చాలా వెనక్కే వెళ్లాను. బాటసారులకు ఈ ప్రాంతం కొత్తేమీ కాదు మరి.

సంగారెడ్డి పక్కనే కొండాపూర్ ఉంది. 1940ల్లో అక్కడ తవ్వితే శాతవాహనుల కాలపు పట్నం బయటపడింది. నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు, చివరికి రోము నుంచి వచ్చిన బంగారు నాణెం కూడా. అంటే రెండు వేల ఏళ్ల కిందటే దూరదేశాల సరుకు చేరిన చోటు అన్నమాట. తర్వాత కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ పక్కన షేక్‌పేటలో వర్తకుల కోసం కట్టిన సరాయి ఇప్పటికీ నిలిచి ఉంది. మనుషులకు గదులు, గుర్రాలకూ ఒంటెలకూ కొట్టాలు. హైదరాబాద్‌కు అటు చివర హయత్‌నగర్‌లో మసీదు చుట్టూ సరాయి గదుల వరుసలు ఉన్నాయి. ఆ ఊరికి ఆ పేరు హయాత్ బక్షీ బేగం వల్ల వచ్చింది. ఒక రాజు కూతురు, ఒక రాజు భార్య, ఒక రాజు తల్లి. ఊరు ఆమె పేరున వెలిసింది గానీ, ఆ కాలంలో మామూలు ఇంటి ఆడది ఒక్కతే మూట పట్టుకుని అలాంటి సరాయి గుమ్మం ముందు నిలబడటం ఊహించుకోండి చూద్దాం.

1867లో బ్రిటిష్ ఇండియాలో సరాయిల చట్టం అని ఒకటి వచ్చింది. నిజాం రాజ్యం వేరు కాబట్టి మన వైపు అది నడవలేదు. కానీ చదివితే ముచ్చటేస్తుంది. సరాయి నడిపేవాడు మేజిస్ట్రేటు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. వాడి నడవడి మంచిదని సర్టిఫికెట్ తెమ్మని మేజిస్ట్రేటు అడగవచ్చు. చోటు శుభ్రంగా ఉంచాలి, మనుషులకూ పశువులకూ బండ్లకూ రక్షణగా కావలివాళ్లను పెట్టాలి, ధరల పట్టిక అందరికీ కనబడేలా పెట్టాలి. గమనించారా, ఆ చట్టం ప్రశ్నలన్నీ వేసింది గది ఇచ్చేవాడిని. నువ్వెలాంటివాడివి, నీ చోటెలా ఉంది, కావలి ఎవరు అని. తీసుకునే వాళ్లను కాదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

చట్టం సంగతి అలా ఉంచితే, మన తెలుగునాట బాటసారి ఆకలి తీర్చింది ఎక్కువగా పూటకూళ్ల ఇళ్లు. ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో రూక ఇస్తే కడుపునిండా భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు కనబడుతుంది. అయిదు వందల ఏళ్లు దాటి గురజాడ కన్యాశుల్కానికి వస్తే పూటకూళ్లమ్మే ఒక పాత్ర. దిక్కులేని ఆడది, చాలాసార్లు భర్త పోయిన ఆడది, తన వంటగదినే జీవనాధారం చేసుకుంది. ఊరంతా ఆమె చేతి కూడు తిని, మళ్లీ ఆమె మీదే చెవులు కొరుక్కుంది. పరాయి మగవాళ్లకు అన్నం పెట్టి, చాప పరిచి, లెక్క రాసుకుని, తగువులు తీర్చిన ఆ మనిషే మన దేశపు మొదటి హాస్టల్ వార్డెన్ అంటాను నేను. మీరు నవ్వినా సరే.

అలా చోటు నడిపింది ఆడది, చోటు దొరకనిది కూడా ఆడదానికే. సత్రానికి ఆమె వెళ్లేది యాత్రలో గుంపుతో, లేదా భర్త వెనకాల.

ఇప్పుడు మన బెల్టు కథకు వద్దాం. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిసాట్ వచ్చింది, దాని పొలాల కోసం కాచిరెడ్డిపల్లి, మన్మూల్ అనే రెండు ఊళ్లు వేరే చోటికి లేచిపోయాయి. 1970ల్లో పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. ఇన్ని వేల మంది కొత్తగా వస్తే ఎక్కడ ఉన్నారు? పెద్ద కంపెనీలు కుటుంబాలకు క్వార్టర్లు కట్టాయి. ఒంటరి మగవాళ్లకు రేకుల రూములు, మెస్సులు, రోడ్డు పక్క లాడ్జీలు వెలిశాయి. లారీ డ్రైవర్లకు దాబా ముందు నులక మంచాలు. ఒంటరి ఆడదానికి ఏమీ వెలవలేదు.

దీనికి ఒక కారణం చట్టంలోనే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఆడవాళ్ల చేత ఉదయం 6 నుంచి సాయంత్రం 7 మధ్యనే పని చేయించాలని ఉండేది. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ దాని ఫలితం చూడండి. పొద్దుగూకేసరికి ఇల్లు చేరగల పక్క ఊళ్ల ఆడవాళ్లకే పని దొరికింది. దూరం నుంచి వచ్చి ఇక్కడ ఉండాల్సిన ఆడమనిషి ఒకరుంటారన్న ఊహే లేకుండా ఊరు పెరిగింది. అందుకే ఇప్పటికీ టులెట్ బోర్డుల మీద "ఫ్యామిలీకి మాత్రమే" అనో, "బ్యాచిలర్స్‌కు" అనో ఉంటుంది. బ్యాచిలర్ అంటే మన దగ్గర మగవాడే. ఈ రెండు బోర్డుల మధ్య నిలబడిన పిల్ల ఏ గుమ్మం ఎక్కాలి?

కేంద్ర ప్రభుత్వం 1972-73లోనే ఉద్యోగం చేసే ఆడవాళ్ల హాస్టళ్లకు సాయం చేసే పథకం పెట్టింది. 2022లో దానికి సఖీ నివాస్ అని పేరు మార్చారు. పథకం వయసు యాభై దాటింది, ఫ్యాక్టరీ గేట్ల దగ్గరకు మాత్రం అది అంతగా నడిచి రాలేదు. వచ్చినవి ప్రైవేటు లేడీస్ హాస్టళ్లు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక లింగంపల్లి, చందానగర్, ఆ తర్వాత బీరంగూడ వైపు మామూలు ఇళ్లే మేడ మీద మేడ లేపుకుని హాస్టళ్లయ్యాయి. వాటిలో చాలా చోట్ల కింద వంట చేసేది, తాళాల గుత్తి నడుముకు కట్టుకునేది ఒక అక్కో, ఆంటీయో. పూటకూళ్లమ్మ తిరిగి వచ్చిందన్నమాట. ఈసారి ఆమె ఇంట్లో దిగేది ఆడపిల్లలే.

హాస్టల్ నెలల తరబడి ఉండేవాళ్లకు. ఒక్క రాత్రికి లాడ్జీయే గతి. 2017 జూన్‌లో సింగపూర్ నుంచి వచ్చిన ఒక యువ కళాకారిణి హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌లో గది బుక్ చేసుకుని ఎర్రగడ్డలో హోటల్ ముందు దిగింది. ఎర్రగడ్డ ఈ బొంబాయి రోడ్డు మీదే ఉంది, పటాన్‌చెరు బస్సులు ఆ ముందు నుంచే పోతాయి. ఒంటరి ఆడవాళ్లకు గది ఇవ్వమని వాళ్లు తిప్పి పంపారు. ఆమె ఫేస్‌బుక్‌లో రాస్తే దేశమంతా చదివింది. ఆమె అడిగింది ఒకటే: మీ గదిలో కంటే నేను నడిరోడ్డు మీదే క్షేమంగా ఉంటానా? బుకింగ్ కంపెనీ డబ్బు వాపసు ఇచ్చి ఆ హోటల్‌ను తమ జాబితాలోంచి తీసేసింది.

మా బంధువుల అమ్మాయికి ఈ రోడ్డు మీదే ఒక లాడ్జిలో (పేరెందుకులెండి) గది దొరకనైతే దొరికింది. కౌంటర్ దగ్గరి పెద్దాయన "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? ఎంబడి ఎవ్వరు రాలేదా?" అని అడిగి, వాళ్ల నాన్నతో ఫోన్లో మాట్లాడాకే తాళం చెవి ఇచ్చాడట. ఆయన మంచివాడే, ఆ పలకరింపులో ఆప్యాయతా ఉంది. అయితే తలుపు లోపలి గడియ ఊడి ఉందని పిల్ల చెబితే రాత్రికి సర్దుకోమన్నాడు. పిల్లను ఇంత విచారించినవాడు గడియను విచారించలేదు! కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుందట అది.

అందుకే ఇప్పుడు ఇటు వచ్చే పిల్లలకు నేను ఆ 1867 నాటి ప్రశ్నలనే తిప్పి చెబుతున్నాను. అడగాల్సింది నువ్వు, చెప్పాల్సింది వాళ్లు అని. బుక్ చేసే ముందే ఫోన్ చేసి ఒంటరి ఆడవాళ్లకు ఇస్తారా అని సూటిగా అడుగు. ఫోన్ ఎత్తిన తీరులోనే సగం తెలుస్తుంది. రాత్రి గేటు దగ్గర ఎవరుంటారు, లోపల ఇంకెవరైనా ఆడవాళ్లు దిగారా, పనిచేసే ఆడవాళ్లు ఉన్నారా అడుగు. పొద్దుండగానే చేరు. డబ్బు కట్టకముందే గది చూడు. గడియ నీ చేత్తో వేసి చూడు, కిటికీ బయట గోడ ఎక్కడానికి వీలుందేమో చూడు, బాత్రూం వెంటిలేటర్ చూడు. కొత్తగా లేచిన హాస్టళ్లలో కిటికీలకు ఇనుప ఊచలు, కిందికి ఒక్కటే మెట్ల దారి. దొంగ రాకుండా బాగానే ఉంది, మంటలు లేస్తే ఎటు పోవాలో కూడా చూసుకోవాలి కదా. ఆధార్ జిరాక్స్ ఇస్తే దాని మీద అడ్డంగా తేదీ, ఎందుకిచ్చావో రాసి ఇవ్వు.

ఇంకొకటి, ఈ ప్రాంతానికే చెల్లింది. నీళ్లు ఎక్కడివని అడగండి. మందుల, రసాయనాల ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి ఇక్కడి బావులనూ బోర్లనూ పాడు చేసిన సంగతి 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాత వాళ్లు ఇప్పటికీ ఇల్లు చూడబోతే అద్దె కంటే ముందు "బోరు నీళ్లా, మంజీరా నీళ్లా?" అని అడుగుతారు. నెలల తరబడి ఉండబోయే పిల్ల ఒకసారి రాత్రిపూట కూడా వెళ్లి చూడటం మంచిది. పగలు రాని వాసనలు కొన్ని వాడల్లో రాత్రి వస్తాయి.

గది ఎంత మంచిదైనా బస్సు దిగిన చోటు నుంచి చీకటి దారి ఉంటే లాభం లేదు. ఈ విషయంలో మాత్రం మునుపటి కంటే నయం. పటాన్‌చెరుకు కోఠి నుంచి 218, సికింద్రాబాద్ నుంచి 219 ఎప్పటి నుంచో ఉన్నాయి. 2003లో లింగంపల్లికి ఎంఎంటీఎస్, 2017లో మియాపూర్‌కు మెట్రో వచ్చాయి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్టే లేదు. మెయిన్ రోడ్డు మీద, మందులషాపో టిఫిన్ సెంటరో రాత్రి పది దాకా తెరిచి ఉండే చోట దిగేలా గది చూసుకుంటే చాలు. లోపలి కాలనీలో రెండు వందలు తక్కువని ఆశపడి షేర్ ఆటో కోసం రాత్రి తొమ్మిదింటికి చౌరస్తాలో నిలబడటం నాకు నచ్చదు.

ఎక్కడా చోటు దొరక్క, మనసు కీడు శంకిస్తే 181కి ఫోన్ చేయవచ్చు. 2015లో మొదలైన సఖి కేంద్రాలు జిల్లాకొకటి ఉన్నాయి. ఆపదలో ఉన్న ఆడమనిషికి అయిదు రోజుల దాకా తాత్కాలికంగా ఆశ్రయం ఇవ్వాలన్నది వాటి నిబంధన. పోలీసులకైతే 100, లేదా 112. ఈ నంబర్లు ఫోన్‌లో ఉండటమే కాదు, ఒక చీటీ మీద కూడా రాసిపెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయేది సరిగ్గా అలాంటప్పుడే.

మా సంగారెడ్డిలో ఒక వింత బస కూడా వెలిసింది. 1796లో కట్టిన పాత జైలును 2016లో మ్యూజియం చేసి, 500 రూపాయలు కడితే ఇరవై నాలుగు గంటలు ఖైదీలా ఉండే ఏర్పాటు పెట్టారు. సరదా పడి వచ్చినవాళ్లూ ఉన్నారు. బయటి నుంచి తాళం పడే గదికి 500. మనకు లోపలి నుంచి గడియ పడే గది కావాలి, అది ఎంతకిస్తారో ముందు ఆ లాడ్జీ వాళ్లను అడగాలి.

2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక కోడ్ ప్రకారం ఆడవాళ్లు తమ సమ్మతితో, తగిన భద్రత ఏర్పాట్లుంటే రాత్రి షిఫ్టులూ చేయవచ్చు. అంటే తెల్లవారుజామున షిఫ్టు దిగి వచ్చే పిల్లకు గేటు తీసేవాళ్లు కావాలి, పగలు నిద్రపోనిచ్చే గది కావాలి, వేళ కాని వేళ ఇంత అన్నం కావాలి. పిల్లలు చదువులకు వెళ్లిపోయి, మేడ మీద గది ఖాళీగా ఉన్న ఇళ్లు మా కాలనీలోనే నాలుగున్నాయి. టులెట్ బోర్డు మీద "ఫ్యామిలీకి మాత్రమే" అన్నది చెరిపేసి ఏమి రాయాలా అని మొన్న మేం నలుగురం చాయ్ తాగుతూ చాలాసేపే మాట్లాడుకున్నాం. మూడో ఇంటి అక్క అప్పుడే లేచి గడియలు చూడ్డానికి వడ్రంగిని పిలిపించింది.