లండను కట్టడములు : శిలాసాక్ష్య పరిశీలనము

ఒక నగరముయొక్క చరిత్రను దాని కట్టడములనుండి గ్రహించుట పరిశోధకులకు పరిచితమైన పద్ధతియే. ఓరుగల్లులోను, హంపిలోను మనము చేయుచున్న పని యిదియే. అయితే తాళపత్రమువలెనే శిలయు సాక్ష్యము మాత్రమే, తీర్పు కాదు. చెక్కినదెల్ల సత్యమనియు, కంటి కగపడునదే నిర్మాణమనియు, నిలిచియున్నదే చరిత్రయనియు తలచినచో పొరబడుదుము. ఈ మూడు విషయములను లండను నగరమందలి నాలుగు స్థలముల ఆధారముతో నిచట పరిశీలింతుము.

మొదటిది అగ్నిప్రమాద స్మారకస్తంభము. 1666 సెప్టెంబరు 2వ తేదీన పుడ్డింగ్ లేన్ అను సందులోని యొక రొట్టెల దుకాణమున పుట్టిన నిప్పు నాలుగు దినములలో సుమారు 13,200 ఇండ్లను, 87 చర్చీలను దహించినది. దానికి గుర్తుగా క్రిస్టఫర్ రెన్, రాబర్ట్ హుక్ అనువారు 1671-77 నడుమ నొక స్తంభమును నిర్మించిరి. దాని యెత్తు 202 అడుగులు. అచటినుండి నిప్పు పుట్టిన చోటికి గల దూరమును 202 అడుగులే. స్తంభమే కొలకఱ్ఱ యైనదన్నమాట. ఇంతవరకు సాక్ష్యము నిర్దుష్టము. కాని పీఠముపై నున్న లాటిను శాసనమునకు 1681లో, ఈ ఘోరమునకు కాథలిక్కుల ద్రోహమే కారణమను భావము గల వాక్యము చేర్పబడెను. కాథలిక్కయిన రెండవ జేమ్సు ఏలుబడిలో అది చెరపబడెను. అతడు పదవీచ్యుతుడైన పిమ్మట 1689లో మరల చెక్కబడెను. తుదకు 1830లో తొలగింపబడెను. నిప్పంటించినది తానేయని యొప్పుకొనిన రాబర్ట్ హ్యూబర్ట్ అను ఫ్రెంచి గడియారపు పనివానిని 1666లోనే ఉరితీసిరి. నిప్పు పుట్టిన రెండు దినములకు గాని యతడు లండను చేరనేలేదని పిదప తేలినది. కాబట్టి ఆ వాక్యము 1666 నాటి ప్రమాదమునకు గాక 1681 నాటి మతద్వేషమునకు సాక్ష్యము. శాసనపాఠమును సంపాదించుట యెంత ముఖ్యమో, అందలి యే పంక్తి యెప్పుడు, ఎవరి ప్రేరణచే చేరెనో నిర్ణయించుటయు నంత ముఖ్యము.

రెండవది సెయింట్ పాల్ చర్చి. పాత చర్చి అగ్నికి ఆహుతి కాగా రెన్ పర్యవేక్షణమున 1675లో ప్రారంభమై 1710 నాటికి పూర్తియైనది. ఖర్చులో అధికభాగము లండను రేవునకు వచ్చు బొగ్గుపై విధించిన సుంకమునుండి సమకూరినది. శిఖరము 365 అడుగుల యెత్తు. ఆ గుమ్మటము ఒకటి కాదు, మూడు. బయటినుండి కానవచ్చునది సీసపు రేకులు కప్పిన కఱ్ఱ గుమ్మటము. లోపలినుండి తలయెత్తి చూడగా కనబడునది వేరొక ఇటుక గుమ్మటము. ఈ రెంటి నడుమ ఎవరికిని కనబడక యున్న ఇటుకల శంకువే శిఖరముపైని రాతిమంటపపు బరువును మోయుచున్నది. ప్రక్కగోడల పై అంతస్తు సైతము చాలవరకు తెరవంటిదే. లోపలి కప్పునకు ఊతమిచ్చు కమానులు దానివెనుక మరుగుపడియున్నవి. బాహ్యరూపమును బట్టి శైలిని వర్ణించి తృప్తిపడు విమర్శకుడు ఇట్టిచోట నిర్మాణరహస్యమును పోగొట్టుకొనును.

మూడవది కనబడని కట్టడము. లెడన్‌హాల్ వీధిలో నేడు 1986లో ప్రారంభమైన లాయిడ్స్ వారి ఉక్కు-అద్దాల భవనమున్నది. ఆ స్థలముననే పూర్వము ఈస్టిండియా కంపెనీవారి ప్రధాన కార్యాలయముండెను. 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పి, 1766లో నిజాముతో ఒడంబడిక చేసికొని ఉత్తరసర్కారులను వశపరచుకొనిన కంపెనీ అది. మద్రాసునుండి వచ్చిన లేఖలను చదివి ప్రత్యుత్తరములు పంపినది ఆ భవనమునుండియే. కంపెనీ ప్రభుత్వము 1858లో అంతరింపగా, కొలది యేండ్లలో, 1861లో, భవనమును పడగొట్టిరి. తెలుగుదేశ చరిత్రతో మిక్కిలి సంబంధము గల లండను భవనము యాత్రికులకు కనబడనిదే! కట్టడము పోయినను కాగితములు మిగిలినవి. ఆ దస్తావేజులిప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి.

నాలుగవది బ్రిటిష్ మ్యూజియములోని అమరావతి శిలలు. ఇది పై స్థితికి విపర్యయము. ఇచట శిలలున్నవి, కట్టడము లేదు. 1797లో కోలిన్ మెకంజీ ఆ స్తూపశిథిలములను దర్శించుసరికే రాళ్లను పెకలించి కొత్త నిర్మాణములకు వాడుచుండిరి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిలలు 1859లో లండను చేరి చాలకాలము మూల బడియుండెను. జేమ్స్ ఫెర్గూసన్ వానిని గుర్తించి 1868లో గ్రంథస్థము గావించెను. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. నేడు నూటికి మించిన ఖండము లచటనున్నవి. విశేష మేమనగా, అందు కొన్ని ఫలకములపై స్తూపముయొక్క రూపమే చెక్కబడియున్నది. ప్రాకారము, ద్వారములయొద్ది సింహములు, ఆయకస్తంభములు, అండము ఎట్లుండెడివో ఊహించుటకు ఆ ఫలకములే ముఖ్యాధారములు. నశించిన కట్టడము తన శిలలపైననే తన సాక్ష్యమును మిగిల్చినది.

అయితే ఆ శిలలు లండను, చెన్నై, అమరావతి మున్నగు స్థలములలో చెదరియున్నవి. ఒకచోటి ఫలకములను మాత్రమే చూచి స్తూపస్వరూపమును నిర్ణయించుట, గ్రంథములో దొరికిన కొన్ని యాకులతోనే పాఠపరిష్కరణమునకు పూనుకొనుటవంటిది. తాళపత్రప్రతులను పోల్చిచూచి పాఠనిర్ణయము చేయు శిక్షణ మన విద్యార్థులకు కలదు. ఆ శిక్షణను శిలలకు సైతము వర్తింపజేసి, అన్ని స్థలములందలి ఖండములను ఒక్క ప్రతిగా భావించి చదువుట తెలుగు పరిశోధకులు తమదిగా చేపట్టదగిన కార్యమని మా యభిప్రాయము.