సొబాకెవిచ్ గారింట్లో భోజనం

ఉగాది నాడు మనం వేపపువ్వు పచ్చడి తిని బొబ్బట్ల మీద నెయ్యి పోసుకునే వేళకు ఉత్తరాదిలో చైత్ర నవరాత్రి ఉపవాసాలు మొదలవుతాయి. హైదరాబాద్‌లో ఉత్తరాది వాళ్ల కిరాణా కొట్లలో సైంధవ లవణం పక్కన కుట్టు పిండి పొట్లాలు బారులు తీరుతాయి. వాళ్ల ఉపవాసపు వంటల మీద శుక్రవారంలోగా ఓ వ్యాసం కావాలన్నారు సంపాదకులు. ఆ కథ న్యాయంగా కుట్టు పండే కుమావూఁ కొండల వైపు పోవాలి. నేను మాస్కో వైపు మళ్లాను. అక్కడా దాదాపు ఇదే ఋతువులో క్రైస్తవుల మహోపవాసం నడుస్తుంది, అక్కడా ఉపవాసపు కంచంలో ఉండేది ఈ కుట్టు గింజే. తేడా ఒక్కటే: మనవాళ్లు పిండి పట్టించి పూరీలు, పకోడీలు చేస్తారు, రష్యన్లు గింజను గింజగానే వేయించి వండుతారు. ఆ వేపుడులో గింజ పూర్తిగా వేరే మనిషైపోతుంది.

ఇంగ్లిషు వాళ్లు బక్‌వీట్ అన్నా గోధుమతో దీనికి చుట్టరికం లేదు. గడ్డిజాతి కాదు కాబట్టే ధాన్యం ముట్టని నవరాత్రుల్లో దీనికి చోటు దొరికింది. దీని అడవి పూర్వజను నైరుతి చైనాలోని యునాన్‌లో గుర్తించిన ఘనత జపాన్ శాస్త్రవేత్త ఓమి ఓనిషిది. యునాన్ నుంచి వోల్గా దాకా పట్టిన వేల ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తున్నందుకు మన్నించాలి. పుప్పొడి రేణువులు, మాడిన గింజలు తప్ప ఆ దారిలో సాక్ష్యం చెప్పేవాళ్లు పెద్దగా లేరు. నిస్సారమైన నేలలో కూడా మూడు నెలల్లోపే చేతికొచ్చే పంట కావడంతో, వేసవి కురచగా ఉండే రష్యాలో రైతు దాన్ని వదల్లేదు. వాళ్లకది గ్రెచ్కా, వండితే కాషా.

పచ్చి గింజ లేత ఆకుపచ్చగా, కాస్త చప్పగా ఉంటుంది. వేడి తగిలితే గోధుమరంగుకు తిరిగి, వేయించిన పల్లీలను తలపించే వాసన వస్తుంది. పల్లీలకూ కాఫీ గింజలకూ ఆ వాసననిచ్చే పైరజీన్లే ఇక్కడా పుడతాయి. ఇక మిగిలింది దానికి తోడు వెతకడం. వేయించిన గింజ వండాక పొడిపొడిగా ఉంటుంది, చివర్లో ఓ చిరుచేదు. కాబట్టి కొవ్వు కావాలి, తడి కావాలి, కొంచెం తీపి గానీ పులుపు గానీ కావాలి. రష్యాలో ఆ తోడును చాలావరకు కుదిర్చింది వంటవాడు కాదు, చర్చి పంచాంగం. అందులో ఏడాదికి దాదాపు 200 ఉపవాస దినాలు. ఆ రోజుల్లో మాంసం, పాలు, వెన్న, గుడ్డు ఏవీ కూడవు. అందుకని కాషాలోకి ఎర్రగా వేగిన ఉల్లిపాయ, అడవిలో ఏరి ఎండబెట్టిన పుట్టగొడుగులు, జనపగింజల నూనె వచ్చాయి. మన నవరాత్రి ఉపవాసంలో మొట్టమొదట గెంటేసేది ఉల్లిపాయనే. అక్కడ ఉపవాసాన్ని భరించేట్టు చేసేదే ఉల్లిపాయ! వాసనల లెక్క చూసినా ఆ మూడూ ఒకే గూటివే: వేగిన ఉల్లి తీపి గింజ చేదును అణుస్తుంది, పుట్టగొడుగు మాంసం లేని లోటు తీరుస్తుంది. ఉపవాసం ముగిసిన మర్నాటి నుంచి పాలు, వెన్న, పంది, గొర్రె. వెన్న ఎక్కువై కాషా చెడదని వాళ్ల సామెత.

ఆ ఉపవాసం లేని రోజుల వైభవాన్ని చూడాలంటే నికొలాయ్ గొగోల్ 1842లో అచ్చువేసిన నవల తెరవాలి. కొడవటిగంటి కుటుంబరావు ‘మృతజీవులు’ పేరుతో తెలుగు చేసిన నవల అదే. చనిపోయినా జనాభా లెక్కల్లో ఇంకా బతికే ఉన్న వెట్టి రైతులను కాగితం మీద చవగ్గా కొని, తాకట్టు పెట్టి సొమ్ము చేసుకోవాలని చిచికోవ్ అనే పెద్దమనిషి ఊళ్లు తిరుగుతుంటాడు. అయిదో అధ్యాయంలో సొబాకెవిచ్ అనే జమీందారు ఇంట అడుగుపెడతాడు. ఆ ఇంట్లో మనిషి ఎలుగుబంటిలా ఉంటాడు, కుర్చీలు, బల్లలు కూడా ఆ మనిషిలాగే ఉంటాయి. చిచికోవ్ మర్యాదకు ఊళ్లో అధికారులను ఒక్కొక్కరినే పొగుడుతుంటే, సొబాకెవిచ్ ఒక్కొక్కరినే దొంగ, దగుల్బాజీ అని తేల్చేస్తాడు. అంతలో భోజనానికి పిలుపు.

మొదట క్యాబేజీ చారు, దాని పక్కన న్యాన్యా అనే వంటకం. గొర్రె పొట్టసంచిలో గ్రెచ్కా కాషా, మెదడు, కాళ్లు కూరి వండినది. తలకాయ, కాళ్లు, బోటి విడివిడిగా వండుకునే మనకు, ఇవన్నీ ఒకే సంచిలో కాషాతో ఉడికితే ఎలా ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు. కాళ్లలోని జిగురు, మెదడులోని కొవ్వు బయటికి పోయే దారి లేక గింజలోకే దిగుతాయి. పొడిగా ఉండడమే గ్రెచ్కా లోపమనుకుంటే, ఆ లోపమే ఇక్కడ అక్కరకొస్తుంది. పక్కన క్యాబేజీ చారు ఉన్నది కొవ్వును నాలుక మీంచి కడగడానికని నా అభిప్రాయం. న్యాన్యాను పెద్ద ముక్క లాక్కున్న సొబాకెవిచ్ అక్కడితో ఊరుకోడు. గవర్నరు గారి వంటవాడు ఫ్రెంచివాడి దగ్గర పని నేర్చి, పిల్లి తోలు వలిచి కుందేలని వడ్డిస్తాడట. కప్పను పంచదారలో ముంచి ఇచ్చినా తన నోట పెట్టడట. పంది అయితే పంది మొత్తం, గొర్రె అయితే గొర్రె మొత్తం బల్ల మీదికి రావాలట. న్యాన్యా తర్వాత గొర్రె పక్కటెముకల భాగం వస్తుంది, మళ్లీ కాషాతోనే. సొబాకెవిచ్ అందులో సగం తన కంచంలోకి వేసుకుని ఎముకలు కూడా జుర్రేస్తాడు. ఆ తర్వాత కంచాల కంటే పెద్ద జున్ను రొట్టెలు, దూడంత టర్కీ కోడి. లేచేసరికి చిచికోవ్‌కు ఒంట్లో ఒక పూద్ బరువు, అంటే 16 కిలోలు, పెరిగినట్టనిపిస్తుంది.

బేరం అప్పుడు మొదలవుతుంది. సొబాకెవిచ్ చచ్చిన మనిషికి 100 రూబుళ్లు అడుగుతాడు. చిచికోవ్ 80 కొపెక్కులంటాడు. బండ్లు చేసే మిహేయెవ్ ఎంత పనిమంతుడో, చెప్పులు కుట్టే తెల్యాత్నికోవ్ ఎలాంటివాడో సొబాకెవిచ్ వర్ణిస్తూ పోతాడు, వాళ్లు మట్టిలో కలిశారన్న సంగతి మరిచినట్టే. చివరికి రెండున్నర రూబుళ్ల దగ్గర తెగుతుంది. కాషా తిని బరువెక్కిన చిచికోవ్‌కు గట్టిగా బేరమాడే ఓపిక లేకపోయిందనుకుంటాను. గొగోల్ ఆ మాట అనలేదు, అంటున్నది నేనే.

ఈ విందు రాసిన మనిషి ఉక్రెయిన్‌లోని పొల్తావా ప్రాంతంలో పుట్టినవాడు, మంచి భోజనప్రియుడు. 1852 ఫిబ్రవరిలో, అందరూ అట్లు తినే మాస్లెనిత్సా వారంలోనే ఆయన ఉపవాసం మొదలుపెట్టాడు. ఒక రాత్రి నవల రెండో భాగం రాతప్రతిని పొయ్యిలో వేశాడు. తర్వాత తిండి దాదాపు మానేశాడు. వైద్యులు ముక్కుకు జలగలు పట్టించారు. కొత్త క్యాలెండరు లెక్కన మార్చి 4న పోయాడు, అప్పటికి 42 ఏళ్లు.

ఇదే గింజకు యూదుల ఇళ్లలో ఇంకో పంచాంగం. మాంసం, పాలు కలపకూడదన్న కోషర్ నియమం వల్ల, మాంసంతో తినే కాషాలో వెన్న కుదరదు. బాతు కొవ్వులోనో కోడి కొవ్వులోనో ఉల్లిపాయ వేయించారు. గింజకు ముందే గుడ్డు పట్టించి వేపితే ముద్ద కాకుండా విడివిడిగా ఉడుకుతుంది. దానికి విల్లు ముడి ఆకారపు పాస్తా కలిపితే కాషా వార్నిష్కెస్. వలస ఓడలతో అది న్యూయార్క్ చేరింది. ఆ రాష్ట్రంలోనే పెన్ యాన్ అనే ఊళ్లో 1797 నుంచీ ఉన్న బిర్కెట్ మిల్లు ఇప్పటికీ ఈ గింజ ఆడిస్తోంది. 1987లో ఆ ఊరివాళ్లు 28 అడుగుల బక్‌వీట్ అట్టు పోశారు. దాన్ని కాల్చిన పెనం ముక్క మిల్లు గోడకు వేలాడుతోంది.

సోవియట్ కాలానికొచ్చేసరికి కథ చిందరవందర. దేవుడి పంచాంగం పోయి కొరత పంచాంగం వచ్చింది. 1970ల తర్వాత గ్రెచ్కా అంగడిలో దొరకడమే గగనం, చక్కెర జబ్బువాళ్లకు ప్రత్యేకంగా ఇచ్చేవారు. తోడుగా డబ్బా మాంసం దొరికితే పండగ. ఆ భయం ఇంకా పోలేదు: 2010 కరువులో, 2014లో రూబుల్ పడినప్పుడు, 2020లో కరోనా వచ్చినప్పుడు జనం మొదట ఖాళీ చేసింది ఈ గింజ అరలనే. ఇంకోపక్క మాస్కో రెస్టారెంట్లలో పర్మెజాన్ చీజ్ వేసి, ఇటాలియన్ రిసొట్టో పద్ధతిలో జారుగా వండి ‘గ్రెచొట్టో’ అని అమ్ముతున్నారు. సొబాకెవిచ్ వింటే ఏమనేవాడో ఊహించుకోండి.

రష్యాలో వైద్యం చదివొచ్చిన మా బంధువుల కుర్రాణ్ణి అడిగాను. హాస్టల్లో గ్రెచ్కాతో ఉప్మా చేసుకునేవాళ్లమన్నాడు. ఆవాలు, ఎండుమిర్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న కరివేపాకుతో పోపు, కప్పు గింజకు రెండు కప్పుల నీళ్లు. "ఉడికేటప్పుడు కలపకూడదు పెద్దనాన్నా, ముద్దైపోతుంది" అన్నాడు. సాంబారు పోస్తే మొత్తం పీల్చేసుకుని మళ్లీ పొడిగా కూర్చుంటుందట. పెరుగుతో బాగుంటుందన్నాడు. రష్యన్లు పుల్లటి స్మెతానా మీగడ వేసుకుంటారు కాబట్టి అది నమ్మదగ్గ మాటే. మా కొట్లో దొరికినవి పచ్చి గింజలు. మూకుట్లో సన్నసెగ మీద రంగు తిరిగేదాకా వేయించి, నిలువుగా కోసిన ఉల్లిపాయ నేతిలో ఎర్రగా వేపి కలిపాను. ఇంట్లో ఉపవాసం ఉన్నవాళ్లెవరూ లేరు.