పసివాళ్లు మాయమైతే: సైబరాబాద్‌లో చట్టం, గాలింపు, హెచ్చరిక

పిల్లవాడు కనిపించడం లేదని తల్లిదండ్రులు స్టేషన్‌కు పరుగెత్తితే, ‘చుట్టాలింటికి వెళ్లుంటాడు, రాత్రి దాకా చూడండి’ అని తిప్పి పంపే అలవాటుకు 2013 మే 10న సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. బచ్‌పన్ బచావో ఆందోళన్ పిటిషన్‌పై ఇచ్చిన ఆ ఉత్తర్వు ప్రకారం ఎవరి బిడ్డ తప్పిపోయినా ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే. వేరే సంగతి తేలేదాకా అపహరణో, అక్రమ రవాణానో జరిగిందనే భావించి దర్యాప్తు చేయాలి. నాలుగు నెలల్లో ఆచూకీ దొరక్కపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి.

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల్లో ఈ ఉత్తర్వు సంగతి అందరికన్నా ముందు తెలియాల్సింది అక్కడ టవర్లు కట్టే వలస కూలీలకు. ఒడిశా, బిహార్, పాలమూరు నుంచి వచ్చి రేకుల షెడ్లలో తలదాచుకునే ఈ కుటుంబాల్లో, పెద్దలు పనిలో ఉన్నంతసేపూ పిల్లలు ఇసుక కుప్పల మధ్యే ఆడుకుంటారు. ఊరు కొత్త, కొందరికి భాషా రాదు. అలాంటివారిని ‘ఇది మా పరిధి కాదు’ అని వెనక్కి పంపే హక్కు ఏ స్టేషన్‌కూ లేదు. పరిధితో పనిలేని జీరో ఎఫ్‌ఐఆర్‌ను ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాలి.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ ప్రకారం, సంరక్షకుల అనుమతి లేకుండా 18 ఏళ్లలోపు పిల్లలను తీసుకెళ్తే ఏడేళ్ల దాకా జైలు. పాత ఐపీసీలో మగపిల్లలకు ఈ రక్షణ 16 ఏళ్లకే ఆగిపోయేది. బిచ్చమెత్తించడానికి ఎత్తుకెళ్తే కనీసం పదేళ్లు, డబ్బు కోసమైతే యావజ్జీవం లేదా మరణశిక్ష.

అయితే చట్టంలో ప్రతి మాటా లెక్కలోకి వస్తుంది. 2011లో హైదరాబాద్‌లో ఒక ఆటో డ్రైవర్ స్కూలు విద్యార్థిని ఎత్తుకెళ్లి 2 లక్షలు అడిగాడు. కింది కోర్టు యావజ్జీవం వేసింది. చంపుతాననో, గాయపరుస్తాననో బెదిరించినట్టు రుజువు కాలేదంటూ 2021 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఏడేళ్లకు తగ్గించింది. బెదిరింపు కాల్‌లో ఏ మాట అన్నారో రికార్డు చేయడం అంత ముఖ్యం.

2020 అక్టోబరులో మహబూబాబాద్‌లో తొమ్మిదేళ్ల బాలుణ్ని తీసుకెళ్లినవాడు స్థానిక మెకానిక్. బాలుణ్ని చంపేశాక కూడా ఇంటర్నెట్ కాల్స్ చేస్తూ 45 లక్షలు అడిగాడు. పిల్లల్ని ఎత్తుకెళ్లేవాడు ఎక్కడి నుంచో సంచి పట్టుకొని వస్తాడన్న భయం మనలో బలంగా ఉంది కానీ, ఈ కేసులో ముప్పు ఉన్న ఊళ్లోనే ఉంది.

2018 జులై మొదటి వారంలో కోఠి ప్రసూతి ఆసుపత్రిలో టీకా వేయిస్తానని చెప్పి, వారం కూడా నిండని పాపను ఒక మహిళ ఎత్తుకెళ్లింది. సీసీ కెమెరా దృశ్యాలతో పోలీసులు వెంటపడ్డారు. పాప బీదర్ ప్రభుత్వాసుపత్రిలో దొరికింది. రెండు వారాలు తిరక్కుండానే అదే బీదర్ జిల్లా ముర్కీలో హైదరాబాద్‌కు చెందిన 32 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ను పిల్లల్ని ఎత్తుకెళ్లేవాడన్న పుకారుతో మూక కొట్టి చంపింది. అతను చేసిందల్లా దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచడమే. అంతకుముందు మే నెలలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ఇలాంటి పుకారుకే బలైంది. అదే ఏడాది జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి జానపద కళాకారులతో, ఊరికో పోలీసుతో పుకార్లను ఎదుర్కొన్నారు. అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు.

నిజమైన సమాచారం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి తెలంగాణ పోలీసుల ‘దర్పణ్’ ఉంది. తప్పిపోయిన పిల్లల ఫొటోలను ఆశ్రమాల్లో ఉన్న పిల్లల ఫొటోలతో సరిపోల్చే సాధనమిది. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయిన ఒక బాలుడు అస్సాంలోని గోల్‌పారా ఆశ్రమంలో ఉన్నాడని 2020లో దీంతోనే తేలింది. పిల్లల గాలింపు కోసం ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతాయి. తప్పిపోయిన బిడ్డ ఎవరికి దొరికినా 24 గంటల్లో 1098కో, పోలీసులకో చెప్పాలన్నది బాల న్యాయ చట్టం విధించిన బాధ్యత.

లేనిది సత్వర హెచ్చరిక. 1996లో టెక్సాస్‌లో హతమైన తొమ్మిదేళ్ల అంబర్ పేరిట అమెరికాలో వచ్చిన ఏర్పాటులో, అపహరణ ఖాయమనిపించగానే ఆ ప్రాంతంలోని ఫోన్లన్నీ మోగుతాయి. మన దేశంలో విపత్తుల కోసం ఇలాంటి సందేశాలను 2023లో పరీక్షించారు. పిల్లల కోసం దేశమంతటికీ అలాంటిది లేదు. ఐటీ కంపెనీలూ పోలీసులూ కలిసి 2006లోనే భద్రతా మండలి పెట్టుకున్న సైబరాబాద్‌లో ఇది మొదలుకావడం న్యాయం. సందేశం పంపే అధికారం మాత్రం పోలీసులకే ఉండాలి. 2018 నాటి పుకార్లు నేర్పింది అదే.

ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీలకు వేరే చిక్కుంది. కాపురం చెడి, అమెరికాలో పుట్టిన బిడ్డను తల్లో తండ్రో ఇక్కడికి తెచ్చేస్తే, అమెరికా 1993 చట్టం ప్రకారం అక్కడ మూడేళ్ల దాకా జైలు పడే నేరం. ఇక్కడ సహజ సంరక్షకులను కిడ్నాపర్లుగా చూడటం అరుదు. ఇలాంటి పిల్లలను తిరిగి పంపించే 1980 హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు కాబట్టి, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు బిడ్డను వెనక్కి పంపించే వీలు లేదు. రెండోవారికి మిగిలే దారి హైకోర్టులో హెబియస్ కార్పస్. విదేశీ కోర్టు ఉత్తర్వు కన్నా బిడ్డ క్షేమమే మిన్న అని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. గృహహింస తప్పించుకొని వచ్చిన తల్లులను హేగ్ ఒప్పందం మళ్లీ అక్కడికే నెడుతుందన్న భయం సబబైనదే. ఈ అంశంపై జస్టిస్ రాజేశ్ బిందాల్ కమిటీ 2018లో నివేదిక ఇచ్చినా అది చట్టం కాలేదు.