గన్నయ ఎక్కడికి పోయాడు?

హనుమకొండ వేయిస్తంభాల గుడి ఎవరు కట్టించారో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 1163లో వేయించిన శాసనం అక్కడే నిలబడి ఉంది. గుడి కట్టించిన కాకతీయ రాజు రుద్రదేవుడి వంశం, అతను ఓడించిన శత్రువులు, దేవుడికి ఇచ్చిన ఊరు, అన్నీ అందులో ఉన్నాయి. శ్లోకాలు కట్టిన అచింతేంద్రుడు తన పేరు కూడా వేసుకున్నాడు. కాకతీయుల కాలపు శాసనాలు చాలావరకు ఇలాంటివే. చెరువు తవ్వించిన రెడ్డి, అఖండదీపానికి గొర్రెలిచ్చిన పెద్దమనిషి, మడి రాసిచ్చిన సానమ్మ, వీళ్ళందరి పేర్లూ రాతి మీద దొరుకుతాయి. దానమిస్తే పేరు నిలిచింది.

చెరపట్టి తీసుకుపోయిన మనిషికి మాత్రం శాసనం లేదు.

1323లో ఉలుగ్ ఖాన్ సేన కాకతీయుల రాజధాని ఓరుగల్లు కోటను పట్టుకుంది. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ గద్దె ఎక్కింది ఇతనే. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టి, కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపించాడు. రాజు ఢిల్లీ చేరలేదు. ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం ప్రకారం నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు. నూరేళ్ళ తర్వాత, 1423లో రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం మాత్రం ఆ రాజు తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్ళాడని అంటుంది. రాజు కాబట్టి అతని చావుకి రెండు సాక్ష్యాలు మిగిలాయి. అతనితోపాటు ఆ దారి పట్టినవాళ్ళలో ఎవరి సంగతైనా చెప్పగలమా? ఒక్కడి సంగతి చెప్పగలం. కాకపోతే అందుకు ఓరుగల్లు శాసనాలను పక్కన పెట్టి, ఢిల్లీలో ఫారసీలో రాసిన చరిత్రలు తెరవాలి.

ఇలాంటి వెతుకులాటలో చెయ్యి తిరిగినవాళ్ళు అమెరికాలో నల్లజాతి వంశచరిత్రలు తవ్వేవాళ్ళు. వాళ్ళకు 1870 జనాభా లెక్కలు పెద్ద అడ్డుగోడ. బానిసత్వం పోయాక ఆ కుటుంబాలన్నిటినీ పేర్లతో రాసుకున్న మొదటి లెక్కలు అవే. అంతకుముందు 1850, 1860 బానిస పట్టీలలో యజమాని పేరుంటుంది, కింద బానిసల వయసు, ఆడా మగా, రంగు ఉంటాయి, పేర్లు ఉండవు. బానిస కాని నల్లవాళ్ళు కొంత నయం. 1790 మొదటి జనగణనలో తెల్లవాళ్ళకూ బానిసలకూ నడుమ 'ఇతర స్వతంత్రులు' అని వాళ్ళకో గడి ఉంది. వర్జీనియాలో 1793 చట్టం తర్వాత వాళ్ళు కచేరీకి వెళ్ళి పేరు నమోదు చేయించుకోవలసి వచ్చింది. గుమస్తా ఎత్తు కొలిచి, ఒంటి రంగు, మచ్చలు, స్వేచ్ఛ ఎలా వచ్చిందీ చిట్టాలో ఎక్కించేవాడు. నిఘా కోసం పెట్టిన చిట్టాలే ఇవాళ మునిమనవలకు తాతముత్తాతల ఆనవాళ్ళు చూపిస్తున్నాయి.

ఇంకా వెనక్కి వెళితే ఆంథొనీ జాన్సన్ తగులుతాడు. 1625 వర్జీనియా లెక్కల్లో బెన్నెట్ తోటలో 'ఆంటోనియో, నల్లవాడు' అని ఒక పనివాడు ఉన్నాడు. 1621లో ఓడ దిగినవాడు. 1651లో నార్తాంప్టన్ కౌంటీలో 250 ఎకరాల పట్టా ఆంథొనీ జాన్సన్ అనే స్వతంత్రుడి పేరిట వచ్చింది. ఇద్దరూ ఒకడే అని ఎలా చెప్పడం? పేరు ఒక్కటే చూస్తే కుదరదు, ఆంటోనియోలు ఎందరో. తోట లెక్కల్లో అదే చోట మేరీ అనే నల్లజాతి స్త్రీ ఉంది. జాన్సన్ భార్య పేరూ మేరీయే. 1653లో ఇల్లూ వాకిలీ తగలబడినప్పుడు పన్ను మినహాయించిన కోర్టు, వాళ్ళిద్దరూ ఎన్నో ఏళ్ళుగా ఆ కాలనీలో ఉంటున్నారని రాసుకుంది. పేరు పక్కన ఎవరున్నారు, ఏ ఊళ్ళో, ఏ కాలంలో అన్నవి కలిస్తేనే గొలుసు బిగుస్తుంది. 1670లో అతను మేరీలాండ్‌లో చనిపోయాక వర్జీనియా జ్యూరీ అతణ్ణి నల్లవాడు కాబట్టి పరాయివాడని తేల్చి, అక్కడి భూమి ప్రభుత్వానికి చెందుతుందని చెప్పింది. మనవడు 1677లో మేరీలాండ్‌లో కొన్న 44 ఎకరాలకు 'అంగోలా' అని పేరు పెట్టాడు. ఆ కుటుంబం మూలం ఎక్కడిదో ఊహించడానికి ఆ భూమి పేరే ఆధారమైంది.

ఓరుగల్లు మనిషిని కూడా ఈ పద్ధతిలోనే పట్టుకోవాలి.

షంస్ సిరాజ్ అఫీఫ్ అనే ఢిల్లీ చరిత్రకారుడు ఫిరోజ్ షా తుగ్లక్ కాలం గురించి పెద్ద గ్రంథం రాశాడు. 1398లో తైమూరు ఢిల్లీని కొల్లగొట్టిన తర్వాత, పోయిన వైభవాన్ని తలచుకుంటూ రాసిన పుస్తకం అది. అందులో ఫిరోజ్ షా ప్రధాన వజీరు ఖాన్-ఇ-జహాన్ మీద ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. వజీరు తెలంగాణవాడని, ఇస్లాం తీసుకోకముందు తెలంగ్ రాయలి దగ్గర గొప్ప పలుకుబడి ఉన్నవాడని అఫీఫ్ చెప్పాడు. సుల్తాన్ మహమ్మద్ రాయలిని పట్టి ఢిల్లీకి పంపితే రాయలు దారిలోనే చనిపోయాడట. ఇతను సుల్తాను ముందుకొచ్చి కలిమా చదివాడు. సుల్తాను మక్బూల్ అని పేరు పెట్టాడు.

'రాయలు దారిలోనే చనిపోయాడు' అన్న ముక్క దగ్గర కాసేపు ఆగాలి. అఫీఫ్ విలస తామ్రశాసనం చూసి ఉండడు. గోదావరి తీరాన సంస్కృతంలో చెక్కిన రాగిరేకులకూ, ఢిల్లీలో ఫారసీలో రాసిన పుస్తకానికీ ఏ సంబంధమూ లేదు. అయినా రెండూ ఒకే మాట చెబుతున్నాయి. వజీరు పుట్టుక గురించి అఫీఫ్ చెప్పిన కథను ఉత్త దర్బారు కబురని కొట్టిపారేయలేకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక పాత పేరు. అఫీఫ్ ప్రతుల్లో దాన్ని కొందరు 'కన్నూ' అని చదివారు, కొందరు 'కట్టూ' అని. తేడా అంతా అక్షరం నెత్తిన చుక్కల్లో ఉంది: ఒక చుక్క ఉంటే నకారం, రెండుంటే తకారం. లేఖకుడి కలం ఒక చుక్క ఎక్కువ పెడితే మనిషి పేరు మారిపోతుంది. దానికి తోడు పాత ఫారసీ రాతప్రతుల్లో 'గ'కు ఉండవలసిన అదనపు గీతను చాలాసార్లు వదిలేసేవారు కాబట్టి 'గ' కూడా 'క'లాగే కనబడుతుంది. అంటే ఆ మూడు అక్షరాలను 'గన్నూ' అని చదివినా తప్పుకాదు.

తెలుగువైపు చూస్తే గన్నయ ఉన్నాడు. తిక్కన శిష్యుడు మారన తన మార్కండేయ పురాణాన్ని ప్రతాపరుద్రుడి సేనాని నాగయ గన్నకు అంకితమిచ్చాడు. రెండు శతాబ్దాల తర్వాత పెద్దన మనుచరిత్రకు కథ తీసుకున్నది ఈ పురాణం నుంచే. అలాంటి కావ్యానికి కృతిభర్త అయిన గన్నయ, కాకతీయ రాజ్యం కూలాక తెలుగు రచనల్లో మళ్ళీ కనబడడు. పలువురు చరిత్రకారులు అతనే ఈ మక్బూల్ అంటారు. పేరు దగ్గరగా ఉంది, ఊరు ఒకటే, కాలం ఒకటే, రాజు దగ్గర హోదా కూడా సరిపోతోంది. కానీ జాన్సన్ పక్కన మేరీ నిలబడినట్టు గన్నయ పక్కన నిలబడి సాక్ష్యమిచ్చే మూడో మనిషి లేడు. మక్బూల్ ఓరుగల్లువాడన్నది గట్టి సంగతి. అతనే మారన గన్నయ అన్నది బలమైన ఊహ. రెంటినీ కలిపేసి, కోట ముట్టడి నుంచి మతమార్పిడి దాకా సంభాషణలతో సహా చెప్పేసే కథలు ఇప్పుడు బాగానే తిరుగుతున్నాయి. అంత వివరం ఏ ఆధారంలోనూ లేదు.

మక్బూల్‌కు చదవడం రాయడం రాదని అఫీఫ్ అన్న మాట ఒకటి ఇక్కడ అడ్డం వస్తుంది. పురాణం అంకితం పుచ్చుకున్నవాడికి అక్షరం రాదా? ఢిల్లీ దర్బారులో చదువంటే ఫారసీ చదువే. తెలుగులో ఎంత పండితుడైనా అక్కడి లెక్కలో నిరక్షరాస్యుడే కాబట్టి ఈ ఒక్క మాటతో ఊహ కూలిపోదు. మొదట్లో అతను పరవానాల మీద 'మహమ్మద్ తుగ్లక్ బందా మక్బూల్' అని ముద్ర వేసేవాడట. ముల్తాన్ పాలన అతని చేతికొచ్చింది, తర్వాత నాయబ్ వజీరు పదవి.

ఈ జీవితంలో అన్నిటికన్నా విచిత్రమైన ఘట్టం ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాసిన చరిత్రలో ఒకటి రెండు వాక్యాల్లో అయిపోతుంది. 1336 ప్రాంతంలో ఓరుగల్లులో తిరుగుబాటు లేచింది. దాన్ని నడిపినవాణ్ణి బరనీ 'కన్యా నాయక్' అన్నాడు, మనం కాపయ నాయకుడంటాం. ఓరుగల్లులో ఉన్న నాయబ్ వజీరు మాలిక్ మక్బూల్ ఢిల్లీకి పారిపోయాడు, కోట సుల్తాను చెయ్యి దాటిపోయింది. ఈ మక్బూలే మన మక్బూల్ అయితే, చాలామంది అలాగే తీసుకుంటున్నారు, పదమూడేళ్ళ కిందట బందీగా వదిలిన కోటకు పాలకుడై తిరిగొచ్చి, తనవాళ్ళే తరిమితే రెండోసారి వదిలాడన్నమాట. వేదం వెంకటరాయశాస్త్రి 1897లో రాసిన ప్రతాపరుద్రీయ నాటకంలో మంత్రి యుగంధరుడు మారువేషంలో ఢిల్లీ వెళ్ళి రాజును విడిపిస్తాడు. అసలు చరిత్ర నాటకానికి లొంగే రకం కాదు.

ఇక్కడ ఒక ఉచ్చు కూడా ఉంది. యాత్రికుడు ఇబ్న్ బతూతా గుజరాత్‌లోని ఖంబాత్ రేవు చేరినప్పుడు అక్కడి అధికారి సుల్తానుకు ఎంతో ఇష్టుడని, పేరు ముఖ్‌బిల్ తిలంగీ అని రాశాడు. మక్బూల్, ముఖ్‌బిల్, ఇద్దరూ తెలంగాణవాళ్ళే, ఇద్దరూ ఒకే సుల్తాను కొలువు. ఒకే మనిషి అనుకోవడం తేలిక. కానీ గుజరాత్ ముఖ్‌బిల్ వజీరు అహ్మద్ అయాజ్ బానిస అని బరనీ చెప్పాడు. అంటే ఢిల్లీ కొలువులో పైకొచ్చిన తెలంగాణవాళ్ళు ఒక్కరు కాదు, కనీసం ఇద్దరు.

1351లో మహమ్మద్ తుగ్లక్ సింధులో థట్టా దగ్గర చనిపోయాడు. సైన్యం ఫిరోజ్‌ను సుల్తానుగా ఎన్నుకుంటే, ఢిల్లీలో అహ్మద్ అయాజ్ ఒక పిల్లవాణ్ణి గద్దె ఎక్కించాడు. మక్బూల్ నగరం దాటి వచ్చి ఫిరోజ్‌ను కలుసుకున్నాడు. ఆ పందెం గెలిచింది. వజీరు పదవి, ఖాన్-ఇ-జహాన్ బిరుదు వచ్చాయి. ఏడాదికి 13 లక్షల టంకాల ఆదాయం. అంతఃపురంలో రెండువేలమంది ఆడవాళ్ళని, పుట్టిన ప్రతి కొడుక్కీ ఖజానా నుంచి 11,000 టంకాలు ముట్టేవని అఫీఫ్ లెక్క. రెండువేలు అన్న అంకెను కొంచెం తగ్గించి చదువుకోవడం మంచిది.

అతను ఎలాంటి మనిషో ఆ అంకెలకంటే థట్టా దండయాత్ర బాగా చూపిస్తుంది. 1360ల నడిమిలో ఫిరోజ్ సేన గుజరాత్ వైపు వస్తూ కచ్ రణంలో దారి తప్పింది. ఉప్పునీళ్ళు, ఇసుక, చచ్చే గుర్రాలు. ఆరు నెలలపాటు ఢిల్లీకి కబురే లేదు. ఇంటింటా ఏడుపులు మొదలయ్యాయి. వజీరు కోటలో దాక్కోలేదు, నగరం మీద పట్టు సడలనివ్వలేదు. సుల్తాను క్షేమమంటూ ఒక ఉత్తరం తానే పుట్టించి అందరికీ వినిపించాడు. అసలు వార్త అందాక అదనపు బలగాల్ని పంపాడు. వజీరు సింహాసనం జోలికి పోలేదు. ఢిల్లీకి అసలు రాజు ఖాన్-ఇ-జహానే అని ఫిరోజ్ అనేవాడంటే ఊరికే కాదు.

అతను 1368-69లో చనిపోయాడు. నిజాముద్దీన్ బస్తీలో కొడుకు జునాన్ షా కట్టించిన సమాధి ఉంది. అప్పటిదాకా ఢిల్లీలో తుగ్లకుల సమాధులు చాలావరకు చతురస్రాలు. తుగ్లకాబాద్‌లో ఘియాసుద్దీన్ సమాధి వాలుగోడలతో చిన్న కోటలా ఉంటుంది. వజీరుది ఎనిమిది పలకల కట్టడం. మధ్యగది చుట్టూ వసారా, ఒక్కో పలకకు మూడు కమానులు, పైన గుమ్మటం. తర్వాత సయ్యద్ సుల్తానులు, ససరాంలో షేర్ షా, పెద్ద ఎత్తున ఈ నమూనానే పట్టుకున్నారు. మొదటిది మాత్రం ఇరుకు సందుల్లో ఇళ్ళ మధ్య చిక్కుకుపోయింది. లోధీ తోటలో సయ్యద్ సమాధి ముందు ఫొటోలు దిగే తెలుగు యాత్రికులు కొద్ది దూరంలోని ఈ మూలరూపం వైపు వెళ్ళడం అరుదు.

జునాన్ షా తండ్రి పదవినీ బిరుదునూ అందుకుని, ఢిల్లీ అంతటా మసీదులు కట్టించాడు. తుర్క్‌మాన్ గేటు దగ్గర కలాన్ మసీదు మీద 1387 నాటి శాసనంలో తనను 'జునాన్ షా మక్బూల్, ఖాన్ జహాన్ కొడుకు ఖాన్ జహాన్' అని చెప్పుకున్నాడు. బందీకి సుల్తాను పెట్టిన పేరు రెండో తరానికల్లా ఇంటిపేరైంది. అదే ఏడాది యువరాజు మహమ్మద్‌తో తగవు ముదిరి మేవాత్‌కు పారిపోయాడు. ఆశ్రయమిచ్చిన కోకా చౌహాన్ పట్టి అప్పగిస్తే చంపేశారు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1379లో, రాయబరేలీ దగ్గరి డల్మౌలో ముల్లా దావూద్ అనే సూఫీ కవి అవధీలో 'చాందాయన్' అనే ప్రేమకావ్యం రాశాడు. కవి తన పోషకుడిగా పొగిడింది ఈ జునాన్ షానే. గన్నయే మక్బూల్ అన్న ఊహ నిజమైతే, తండ్రి తెలుగు పురాణానికి కృతిభర్త, కొడుకు అవధీ కావ్యానికి పోషకుడు.