సెంట్రిఫ్యూగల్ జ్యూసర్

సెంట్రిఫ్యూగల్ జ్యూసర్ పండ్లు, కూరగాయల నుంచి రసం తీసే విద్యుత్ పరికరం. ఇది పళ్ళున్న చక్రంతో పండును తురిమి, ఆ తురుమును వేగంగా తిరిగే జల్లెడ గిన్నెలోకి విసిరి, అపకేంద్ర బలంతో రసాన్నీ పిప్పినీ వేరుచేస్తుంది. తెలుగు ఇళ్ళలో ఇది విడిగా కన్నా జ్యూసర్ మిక్సర్ గ్రైండర్‌లో భాగంగానే ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే మోటారు మీద పిండి జార్, చట్నీ జార్, రసం తీసే గిన్నె మార్చి మార్చి బిగిస్తారు. మిక్సీ అన్నిటినీ కలిపి రుబ్బుతుంది, జ్యూసర్ విడదీస్తుంది. ఏ రకం కొనాలి, ఏ పండు వేయాలి, ఎంత తాగాలి అన్న మూడు ప్రశ్నలకూ ఈ తేడాయే ఆధారం.

తార్నాక నేపథ్యం

ఎంత తాగాలన్న ప్రశ్నకు జవాబిచ్చే, భారతీయుల తిండి మీద జరిగిన శాస్త్ర పరిశోధనలో పెద్ద వాటా హైదరాబాద్‌లోని తార్నాకది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం ఒక గదిలో మొదలుపెట్టిన కేంద్రం 1958లో ఇక్కడికి తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ (ఎన్.ఐ.ఎన్.) అన్న పేరు స్థిరపడింది. దాన్ని ఆనుకుని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది కూడా 1918లోనే. మన పండ్లలో, కూరల్లో ఏముందో చెప్పే పట్టికలు ఈ సంస్థవే. సి. గోపాలన్ తదితరులు 1971లో సవరించి వెలువరించిన పట్టికల స్థానంలో 2017లో 528 ఆహార పదార్థాల వివరాలతో కొత్త సంపుటి వచ్చింది. 2024 మేలో ఈ సంస్థ ప్రకటించిన 17 ఆహార మార్గదర్శకాలు రసం కన్నా పండుకే ఓటు వేశాయి.

మరోవైపు ఉస్మానియా క్యాంపస్ రోడ్ల మీద పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళలో క్యారెట్, బీట్‌రూట్, ఉసిరి రసాలంటే మోజున్నవాళ్ళు ఉన్నారు. తార్నాక, హబ్సిగూడల్లో గదులు అద్దెకు తీసుకున్న విద్యార్థులకు బండి మీద బత్తాయి రసం వేసవి అలవాటు. రసం ఇంట్లోనే తీసుకోవాలనుకునే ఇలాంటివాళ్ళకు పరికరం గురించీ, ఆ పరికరం వదిలేసే పిప్పి గురించీ తెలిసి ఉండటం అవసరం.

నిర్మాణం, పనితీరు

పైన పండ్లు వేసే గొట్టం, వాటిని కిందికి నెట్టే ప్లాస్టిక్ కడ్డీ ఉంటాయి. గొట్టం అడుగున సన్నని పళ్ళున్న స్టీలు చక్రం, దాని చుట్టూ సన్నని రంధ్రాల జాలీ గోడతో గిన్నె ఉంటాయి. చక్రం, గిన్నె కలిసే తిరుగుతాయి. తురుము గోడకు తగలగానే రసం జాలీలోంచి బయటికి చిమ్మి, ముక్కు ద్వారా గ్లాసులోకి దిగుతుంది. పిప్పి విషయంలో రెండు రకాలున్నాయి. గిన్నె గోడ ఏటవాలుగా ఉంటే పిప్పి పైకి పాకి పక్కనున్న డబ్బాలో పడుతుంది. గోడ నిటారుగా ఉంటే లోపలే పేరుకుంటుంది, కాసేపటికోసారి ఆపి తీసేయాలి. మొదటి రకం ఆగకుండా పనిచేస్తుంది. రెండో రకంలో పిప్పి ఎక్కువసేపు తిరుగుతుంది కాబట్టి మరికొంత పొడిగా వస్తుంది.

వేగం ఎంత పని చేస్తుందో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. గిన్నె వ్యాసార్ధం 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 6,000 చుట్లు అనుకుంటే అంచు దగ్గర తురుము మీద పడే బలం దాని బరువుకు సుమారు 2,400 రెట్లు. అంచు వేగం గంటకు 135 కిలోమీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే గిన్నె సరిగ్గా కూర్చోకపోయినా, పిప్పి ఒక పక్కనే పేరుకున్నా యంత్రం మొత్తం వణికిపోతుంది. మూత బిగించి క్లిప్పులు వేస్తే తప్ప మోటారు తిరగకుండా ఉండే ఏర్పాటు ఈ బలానికి భయపడి పెట్టిందే.

ఇళ్ళలో వాడే రకాల్లో ఉండేది కార్బన్ బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారు. చిన్న పరిమాణంలోనే ఎక్కువ వేగం ఇస్తుంది కానీ మోత ఎక్కువ, త్వరగా వేడెక్కుతుంది.

ఇతర పద్ధతులతో పోలిక

స్లో జ్యూసర్ లేదా కోల్డ్ ప్రెస్ అని అమ్మేవాటిలో మర లాంటి కడ్డీ నిమిషానికి 40 నుంచి 100 చుట్లు తిరుగుతూ పండును నలిపి పిండుతుంది. ఆకుకూరల నుంచి, పీచు ఎక్కువగా ఉన్నవాటి నుంచి అది ఎక్కువ రసం తీస్తుంది. నురగ తక్కువ, చప్పుడు తక్కువ, ధర ఎక్కువ, పని నెమ్మది. సెంట్రిఫ్యూగల్ రకం ఒక గ్లాసును నిమిషంలో ఇస్తుంది కానీ రసంలోకి గాలి బాగా కలుస్తుంది. ఆ గాలి వల్లే నురగ కడుతుంది, రంగు మారుతుంది, కాసేపటికి నీరు, గుజ్జు విడిపోతాయి.

వేగంగా తిరిగే యంత్రం రసాన్ని వేడిచేసి పోషకాలను చంపేస్తుందన్న ప్రచారం ఉంది. రసం లోపల ఉండేది కొన్ని సెకన్లే, పెరిగే వేడి కొద్ది డిగ్రీలే. విటమిన్ సి తరగడానికి అంతకన్నా పెద్ద కారణాలు గాలి తగలడం, నిలవ ఉంచడం. స్లో జ్యూసర్‌తో తీసిన రసాన్నయినా మధ్యాహ్నం దాకా ఉంచితే ఆ నష్టం తప్పదు.

బత్తాయి, నిమ్మ, కమలా మాత్రమే కావాలనుకుంటే రెండు రకాలూ అక్కర్లేదు. రసం బండ్ల మీద కనిపించే చేతి ప్రెస్ చాలు. దానికి కరెంటు అవసరం లేదు, కడగడం తేలిక, గింజ నలగదు.

ఎంపిక

వాట్లు చూసి మాత్రమే కొనడం పొరపాటు. వాట్లు మోటారు లాగే కరెంటును చెబుతాయి గానీ వచ్చే రసాన్ని కాదు. 500 వాట్ల మోటారు క్యారెట్, యాపిల్ వంటివాటికి సరిపోతుంది. పప్పు రుబ్బడానికి కూడా అదే మోటారు కావాలంటే 750 నుంచి 900 వాట్లు మేలు. 900 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర దాదాపు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలు, అయితే ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ కావాలి.

పరికరం మీది పట్టీలో రేటింగ్ సమయం రాసి ఉంటుంది. ఎన్ని నిమిషాలు నడపాలి, ఎన్ని నిమిషాలు ఆపాలి అన్నది అందులో చూడాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడాలి. ఇంటి మిక్సీలకూ సెంట్రిఫ్యూగల్ జ్యూసర్లకూ కలిపి భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ప్రమాణం ఐ.ఎస్. 4250.

దుకాణంలో వీలైతే ఒక క్యారెట్ రసం తీయించి చూడటం మంచిది. వచ్చిన పిప్పిని గుప్పిట్లో పిండినప్పుడు రసం కారితే ఆ జాలీ సరిగా పనిచేయడం లేదని అర్థం. గొట్టం వెడల్పుగా ఉంటే ముక్కలు కోసే పని తగ్గుతుంది. జాలీ గిన్నె, మోటారును గిన్నెకు కలిపే కప్లర్, మూత క్లిప్పులు విడిగా దొరుకుతాయో లేదో అడగాలి, ఎందుకంటే మోటారు కన్నా ముందు పాడయ్యేవి ఇవే. గది ఒకరితో పంచుకునే విద్యార్థి చప్పుడునూ కడిగే చోటునూ కూడా లెక్కలోకి తీసుకోవాలి. పక్కవాళ్ళు నిద్రలో ఉండగా తిప్పలేని, సింకు లేని గదిలో కడగలేని యంత్రం నెల తిరక్కుండా అటక ఎక్కుతుంది.

ఏ పండుకు ఏ తీరు

గట్టిగా, నీరు ఎక్కువగా ఉండేవి ఈ యంత్రానికి తగినవి: క్యారెట్, బీట్‌రూట్, యాపిల్, కీరదోస, అనాస. పుచ్చకాయ, ద్రాక్ష, టమాటా మెత్తనివి కాబట్టి తక్కువ వేగంలో వేయాలి. అల్లం చిన్న ముక్క చాలు. పుదీనా, కొత్తిమీర ఆకులు విడిగా వేస్తే ఎగిరి పిప్పిలో పడతాయి. ఉండగా చుట్టి రెండు క్యారెట్ ముక్కల మధ్య నెడితే కొంత రసం వస్తుంది. అరటి, మామిడి, సపోటా, బొప్పాయి, సీతాఫలం, బాగా పండిన జామ ఇందులో వేయకూడదు. వాటి గుజ్జు జాలీని మూసేస్తుంది. వాటికి మిక్సీ జార్ సరైన చోటు. చెరకు గడను ఎట్టి పరిస్థితుల్లోనూ ఇందులో దూర్చకూడదు.

నల్లగొండ, అనంతపురం ప్రాంతాల నుంచి వచ్చే సాత్‌గుడి బత్తాయికి ఒక ప్రత్యేకత ఉంది. తీసిన వెంటనే తియ్యగా ఉన్న రసం కాసేపు ఆగితే చేదెక్కుతుంది. పండు కణాల్లో చేదు లేని రూపంలో ఉన్న పదార్థం, రసంలోని పులుపుతో కలిసినప్పుడు మెల్లగా లిమోనిన్‌గా మారడమే కారణం. గింజల్లో, తొక్క లోపలి తెల్లపొరలో ఇది ఎక్కువ. తురిమే చక్రం వాటినీ నలుపుతుంది కాబట్టి తొక్క, తెల్లపొర, గింజలు తీసేసి వేయాలి, రసం వెంటనే తాగాలి. దానిమ్మ విషయంలోనూ గింజ మరీ నలిగితే వగరు దిగుతుంది.

వాడే పద్ధతి

పండ్లను పారే నీటిలో రుద్ది కడగాలి, కుళ్ళిన భాగం కోసి పారేయాలి. కాచని రసంలో సూక్ష్మజీవులను చంపే దశ ఏదీ ఉండదు, తొక్క మీది మురికి తిన్నగా గ్లాసులోకి వస్తుంది. జాలీ గిన్నె ఊగకుండా కూర్చుందో లేదో చేత్తో తిప్పి చూసి, మూత బిగించి, మోటారు పూర్తి వేగం అందుకున్నాకే మొదటి ముక్క వేయాలి. ముక్కలను కడ్డీతోనే, నెమ్మదిగా నెట్టాలి. గట్టిగా అదిమితే ముక్కలు సరిగా తురమకుండానే పిప్పి డబ్బాలోకి వెళ్ళిపోతాయి. మెత్తనివి, గట్టివి మార్చి మార్చి వేస్తే జాలీ తేరుకుంటుంది. వేలు, చెంచా గొట్టంలో పెట్టకూడదు. ఆపాక గిన్నె పూర్తిగా నిలిచేదాకా మూత తీయకూడదు.

మోటారు హఠాత్తుగా ఆగితే ప్లగ్ తీసి, అడ్డుపడింది తొలగించి, చల్లబడ్డాక అడుగున ఉన్న ఓవర్‌లోడ్ బటన్ నొక్కాలి. మండు వేసవిలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో రసం బయట ఉంచడం మంచిది కాదు. వెంటనే తాగలేకపోతే మూత ఉన్న సీసాలో నిండుగా పోసి ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే ముగించాలి. యాపిల్ రసం నల్లబడకుండా కాస్త నిమ్మరసం కలపవచ్చు.

పోషక విలువ

రసంలోకి నీరు, చక్కెరలు, పొటాషియం, విటమిన్ సిలో చాలా భాగం దిగుతాయి. పీచులో అధిక భాగం పిప్పితో పోతుంది. కణాల గోడలు నలగడం వల్ల ఒక లాభమూ ఉంది. పచ్చి క్యారెట్ నమిలితే అందే బీటా కెరొటిన్ కన్నా దాని రసం నుంచి శరీరానికి ఎక్కువ అందుతుంది. దానికి భోజనంలో కాస్త నూనో నెయ్యో తోడవ్వాలి.

లోటు చక్కెర దగ్గర కనిపిస్తుంది. ఒక గ్లాసుకు మూడు నాలుగు బత్తాయిలు పడతాయి. అన్ని పండ్లు ఒక్కసారే కూర్చుని తినేవాళ్ళు అరుదు, ఆ రసం తాగడానికి మాత్రం నిమిషం చాలు. కమలా రసం 100 మిల్లీలీటర్లలో దాదాపు 8 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకం పండ్ల రసంలోని సహజ చక్కెరను కూడా పరిమితి పెట్టాల్సిన వాటిలోనే చేర్చింది. 2,000 కేలరీల ఆహారంలో అవి 50 గ్రాములు మించకూడదనీ, 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మంచిదనీ చెప్పింది. ఎన్.ఐ.ఎన్. 2024 మార్గదర్శకాలు చెరకు రసాన్ని తగ్గించమన్నాయి, 100 మిల్లీలీటర్లలో 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని హెచ్చరించాయి. రోజు పళ్ళెంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలన్నది ఆ సంస్థ లెక్క. చిన్న గ్లాసు రసం ఈ పళ్ళేనికి చేర్పు కావచ్చు, బదులు కాలేదు. మధుమేహం ఉన్నవాళ్ళు పండ్ల రసం జోలికి పోకుండా పండే తినడం మేలు. ఏడాది నిండని పిల్లలకు రసం వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో సూచించింది.

జాగ్రత్తలు

పచ్చి సొరకాయ రసం విషయంలో చేదును తేలిగ్గా తీసుకోకూడదు. దోస కుటుంబానికి చెందిన సొరకాయలో కొన్నిసార్లు కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు పెరుగుతాయి. చేదు రసం తాగి వాంతులు, రక్తవాంతులు, రక్తపోటు పడిపోవడంతో ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల సంఘం నివేదిక 2012లో ప్రచురితమైంది. రసం తీసే ముందు చిన్న ముక్క రుచి చూడాలనీ, చేదైతే పారేయాలనీ, తాగాక ఇబ్బంది అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలనీ అది చెప్పింది. తేనెతోనో యాపిల్‌తోనో చేదును కప్పేయడం ఉన్న ఒక్క హెచ్చరికనూ చెరిపేయడమే.

మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చేవాళ్ళు పాలకూర, బీట్‌రూట్ రసాలను రోజూ తాగకూడదు, వాటిలో ఆక్సలేట్ ఎక్కువ. గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస రసాలు కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని మందుల ప్రభావాన్ని పెంచగలవు కాబట్టి మందులు వాడేవాళ్ళు వైద్యుణ్ణి అడగాలి.

శుభ్రత, మరమ్మతు, పిప్పి వాడకం

రసం గ్లాసులో పోసిన వెంటనే గిన్నె కడగాలి. పిప్పి ఎండితే రంధ్రాలు మూసుకుపోయి తర్వాతిసారి రసం తగ్గుతుంది. జాలీని గోరువెచ్చని నీటిలో నానబెట్టి, బయటి వైపు నుంచి లోపలికి బ్రష్‌తో రుద్దితే ఇరుక్కున్న పీచు ఊడుతుంది. ప్లాస్టిక్‌కు పట్టిన క్యారెట్ మరక కాస్త వంటనూనె పూసి తుడిస్తే పోతుంది. మోటారు ఉన్న భాగాన్ని నీటిలో ముంచకూడదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. అడుగున మెరుపులు ఎక్కువై కాలిన వాసన వస్తే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండవచ్చు. మెకానిక్ వాటిని మార్చగలడు, యంత్రం కొత్తది కొననక్కర్లేదు. జాలీ చిరిగినా, పగిలినా మాత్రం అతికించి వాడకూడదు.

క్యారెట్, బీట్‌రూట్, కీరదోస పిప్పిని చపాతీ పిండిలో, రొట్టెలో, పప్పులో కలపవచ్చు. క్యారెట్ పిప్పి పాలతో ఉడికిస్తే హల్వాకు పనికివస్తుంది. రసం తీశాక మిగిలిన పీచు అదే రోజు ఇలా భోజనంలోకి తిరిగి వస్తే యంత్రం విడదీసిన దానిలో చాలా భాగం మళ్ళీ కలిసినట్టే. వాడలేనంత మిగిలితే తడి చెత్తలో గానీ కంపోస్టు కుండీలో గానీ వేయాలి.