విక్రయమా, కౌలా? డిజిటల్ ఆట కొన్నవాడి హక్కుల కథ

2024 మార్చి 31న ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ సంస్థ 'ది క్రూ' అనే కార్ల పందెపు ఆట సర్వర్లను ఆపివేసింది. 2014లో మార్కెట్‌లోకి వచ్చిన ఆట అది. ఒంటరిగా ఆడుకోవాలన్నా కంపెనీ సర్వర్‌తో సంబంధం ఉండాల్సిందే. కాబట్టి సర్వర్ ఆగిన మరుక్షణం, పూర్తి ధర చెల్లించి దుకాణంలో డిస్కు కొన్నవారి చేతిలో మిగిలింది ప్లాస్టిక్ బిళ్ల మాత్రమే. ఇదేమిటని అడిగితే జవాబు ఒప్పందంలోనే ఉంది: మీరు ఆటను కొనలేదు, దాన్ని వాడుకునే అనుమతి మాత్రమే పొందారు.

దేశ రాజకీయాలు రాసే చోట ఆటల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. భూమి తగాదాలు ఎరిగిన తెలుగు పాఠకులకు ఇందులో ఉన్నదేమిటో వేరుగా చెప్పనక్కరలేదు. విక్రయం వేరు, కౌలు వేరు. విక్రయమని చెప్పి సొమ్ము పూర్తిగా పుచ్చుకుని, చివరకు కౌలు కాగితం చేతిలో పెట్టి, ఆ కౌలును కూడా ఎప్పుడైనా రద్దు చేసుకునే అధికారం తన దగ్గరే ఉంచుకున్న యజమానిని మనం ఏమంటాం? ఆటల విషయంలో దాన్ని లైసెన్సు ఒప్పందం అంటున్నారు. ఈ మార్పు ఒక్క రోజులో జరగలేదు. దీని వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

మొదటి ఘట్టం పుస్తకాలది. అమెరికాలో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ 'ది కాస్ట్‌అవే' అనే నవలను అచ్చువేసి, డాలరు కంటే తక్కువకు అమ్మితే కాపీరైటు ఉల్లంఘన అవుతుందని పుస్తకంలోనే ముద్రించింది. న్యూయార్కులోని మేసీస్ దుకాణం దాన్ని లెక్కచేయక 89 సెంట్లకు అమ్మింది. తగవు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1908లో కోర్టు చెప్పిన తీర్పు సారాంశం ఇది: ఒక ప్రతిని ఒకసారి అమ్మిన తర్వాత దానిని తిరిగి ఏ ధరకు అమ్మాలో శాసించే హక్కు కాపీరైటు యజమానికి లేదు. పాత పుస్తకాల అంగళ్లు, గ్రంథాలయాలు, స్నేహితుల మధ్య చేతులు మారే నవలలు, ఇవన్నీ బతికి ఉన్నది ఈ సూత్రం నీడలోనే.

సాఫ్ట్‌వేర్ సంస్థలు ఈ సూత్రాన్ని ఎదిరించలేదు, పక్కనుంచి దాటాయి. అమ్మితే కదా హక్కు పోయేది, అమ్మడమే మానేస్తే సరి. డబ్బాలో డిస్కుతోపాటు ఒక షరతుల కాగితం చేరింది. డబ్బా విప్పితే ఆ షరతులకు ఒప్పుకున్నట్లే. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాక గాని చదవడానికి వీలుపడని ఇలాంటి ఒప్పందం చెల్లదని అమెరికాలో ఒక కింది కోర్టు అంది. కానీ 1996లో ప్రోసీడీ వర్సెస్ జైడెన్‌బర్గ్ కేసులో అక్కడి ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తిరగరాసింది. షరతులు నచ్చకపోతే సరుకు వాపసు ఇవ్వవచ్చు కదా, ఇవ్వలేదు గనుక ఒప్పుకున్నట్లేనని న్యాయమూర్తి ఈస్టర్‌బ్రుక్ తర్కం.

డబ్బా కాగితం తెరమీది గడిగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2003 సెప్టెంబరులో వాల్వ్ సంస్థ స్టీమ్ అనే పంపిణీ వేదికను ప్రారంభించింది. మరుసటి ఏడాది వచ్చిన 'హాఫ్-లైఫ్ 2' ఆటను దుకాణంలో డిస్కు రూపంలో కొన్నవారు కూడా స్టీమ్ ఖాతా తెరిస్తేనే ఆడగలిగారు. అక్కడితో కొనుగోలు స్వభావమే మారింది. వస్తువు మన అలమరలో ఉన్నా, తాళంచెవి మాత్రం అమ్మినవాడి దగ్గరే ఉండిపోయింది.

ఆ తాళంచెవి ఏం చేయగలదో 2009 జులైలో లోకం చూసింది. అమ్మకందారుకు హక్కులు లేవన్న కారణంతో అమెజాన్ తన కిండిల్ పాఠకుల యంత్రాల్లోంచి కొన్ని ఈ-పుస్తకాలను దూరం నుంచే తొలగించింది. వాటిలో జార్జ్ ఆర్వెల్ '1984' ఉండటం చరిత్ర ఆడిన పరిహాసం. సంస్థ డబ్బు తిరిగి ఇచ్చింది, క్షమాపణ చెప్పింది. కానీ కొన్నవాడి ఇంట్లోకి అడుగుపెట్టకుండానే వస్తువును వెనక్కి తీసుకోవచ్చని అప్పుడే రుజువైంది.

ప్రతిఘటన అమెరికా వెలుపల మొదలైంది. ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2014లో వాల్వ్‌పై కేసు వేసింది. తాము ఉన్నది అమెరికాలో గనుక మీ చట్టం వర్తించదని, తాము అందించేది సరుకు కాదని కంపెనీ వాదించింది. 2016లో ఫెడరల్ కోర్టు రెండు వాదనలనూ తోసిపుచ్చింది. ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం సరుకుల నిర్వచనంలోనే సాఫ్ట్‌వేర్‌ను చేర్చింది కాబట్టి, లోపం ఉన్న ఆటకు డబ్బు వాపసు రాదని చెప్పడం తప్పుదారి పట్టించడమేనని తేల్చి, 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

యూరప్‌లో దారి ఇంత తిన్నగా లేదు. కాలపరిమితి లేని లైసెన్సును డబ్బు తీసుకుని ఇస్తే అది విక్రయమేనని, కొన్నవాడు దాన్ని తిరిగి అమ్ముకోవచ్చని 2012లో యూరోపియన్ న్యాయస్థానం ఒరాకిల్ కేసులో చెప్పింది. దాన్ని ఆధారం చేసుకుని ఒక ఫ్రెంచ్ వినియోగదారుల సంఘం స్టీమ్ ఆటల పునర్విక్రయం కోసం కోర్టుకెక్కింది. 2019లో పారిస్ కోర్టులో గెలిచింది, 2022లో అప్పీలులో ఓడింది. ఆట అంటే కేవలం సాఫ్ట్‌వేర్ కాదు, బొమ్మలు, సంగీతం, కథ కలిసిన రచన గనుక ఆ సూత్రం దీనికి వర్తించదన్నారు.

ఆఖరికి కాలిఫోర్నియా ఒక చిన్న మాట దగ్గర పట్టుకుంది. లైసెన్సు మాత్రమే ఇస్తూ దానికి 'కొనండి' అనే మాట తగిలించడం కుదరదని, ఇస్తున్నది లైసెన్సేనని స్పష్టంగా చెప్పాలని 2024లో చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా ఎప్పటికీ వాడుకోగల ప్రతులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 'ది క్రూ' మూత నుంచి పుట్టిన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం ఇంకొక అడుగు వేసి, మూసేవేళ ఆటను ఆడదగిన స్థితిలో వదలాలని కోరుతూ 2025లో యూరోపియన్ పౌరుల నుంచి పది లక్షలకు పైగా సంతకాలు సేకరించింది.

ఇక మన సంగతి. ఈ తగవులో భారతదేశపు మొదటి పెద్ద తీర్పు ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లింది. 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద సాఫ్ట్‌వేర్‌పై పన్ను వేస్తే టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అభ్యంతరం చెప్పింది. సాఫ్ట్‌వేర్ మేధో సృష్టి, చేతికి అందే సరుకు కాదన్నది ఆ సంస్థ వాదన. 2004 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు సభ్యుల ధర్మాసనం రాష్ట్ర ప్రభుత్వాన్ని సమర్థించింది: డిస్కులో నింపి అమ్మే సిద్ధ సాఫ్ట్‌వేర్ సరుకే, దాని అమ్మకం అమ్మకమే.

2021 మార్చిలో కథ తిరగబడింది. విదేశీ సాఫ్ట్‌వేర్ సంస్థలకు మనవాళ్లు చెల్లించే సొమ్ము కాపీరైటు లైసెన్సుకు ఇచ్చే రాయల్టీ అని ఆదాయపు పన్ను శాఖ అంది. ఈసారి కంపెనీల పక్షమే ఇది కేవలం సరుకు అమ్మకమని, ఒప్పందంలో లైసెన్సు అన్న మాట ఉన్నంత మాత్రాన అసలు స్వభావం మారదని వాదించింది. ఇంజినీరింగ్ అనాలిసిస్ కేసుగా పేరుపడిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు అందుకు అంగీకరించింది. ఆ కేసుల్లోని సంస్థలు ఆటల కంపెనీలు కావు. కానీ సాఫ్ట్‌వేర్ పరిశ్రమ రెండు నాలుకలూ ఇక్కడ ఒకేసారి కనిపిస్తాయి: పన్ను అధికారి ముందు విక్రయం, కొనుగోలుదారు ముందు లైసెన్సు.

ప్రభుత్వానికీ ఈ రెండు నాలుకల అలవాటు లేకపోలేదు. 2004లో సరుకు అన్న రాజ్యమే నేటి జీఎస్టీలో ఆన్‌లైన్‌గా అందే డిజిటల్ సరఫరాలను సేవల ఖాతాలో వేసి పన్ను వసూలు చేస్తోంది. పేరు ఏదైనా ఖజానాకు రావలసింది వస్తుంది. పేరు మారితే నష్టపోయేది కొన్నవాడొక్కడే.

మనకు చట్టం లేక కాదు. బలహీనుడి చేత గుడ్డిగా సంతకం పెట్టించుకునే ముద్రిత ఒప్పందంలోని అన్యాయమైన షరతు చెల్లదని సుప్రీంకోర్టు బ్రజనాథ్ గంగూలీ కేసులో 1986లోనే చెప్పింది. వినియోగదారుల రక్షణ చట్టం పుట్టినదీ ఆ ఏడాదే. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 'అన్యాయ ఒప్పందం' అనే భావనను నిర్వచించింది. తగిన కారణం లేకుండా ఒక పక్షం ఏకపక్షంగా ఒప్పందాన్ని రద్దు చేసుకునే వెసులుబాటును అందులో పేరుపెట్టి చేర్చింది. ఆ చట్టం సరుకులకూ సేవలకూ రెండింటికీ వర్తిస్తుంది గనుక ఆట ఏదైనా దాని పరిధిలోకి రావలసిందే. చిక్కు మరోచోట ఉంది. అన్యాయ ఒప్పందాలపై ఫిర్యాదులను చట్టం జిల్లా కమిషన్‌కు కాక రాష్ట్ర, జాతీయ కమిషన్లకు అప్పగించింది. రెండువేల రూపాయల ఆట కోసం అదిలాబాద్ కుర్రవాడో శ్రీకాకుళం విద్యార్థినో రాష్ట్ర కమిషన్ గడప తొక్కాలి. తొక్కరని కంపెనీలకు బాగా తెలుసు.

2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. వాటిలో పబ్‌జీ మొబైల్ ఒకటి. భద్రతా కారణాల చర్చ వేరు. ఆ ఆటలో డబ్బు పెట్టి కొనుక్కున్న దుస్తులు, తుపాకుల అలంకారాలు ఏమవుతాయన్నది మాత్రం విధాన చర్చలో చోటు దొరకని ప్రశ్న. 2021లో అదే ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాగా వచ్చినప్పుడు పాత ఖాతాలోని సరంజామాను కొత్త ఖాతాకు మార్చుకునే వీలు కంపెనీయే కల్పించింది. అంటే తలచుకుంటే సాధ్యమే. కాకపోతే అది ఆటగాడి హక్కుగా రాలేదు, కంపెనీ దయగా వచ్చింది. 2022 జులైలో ఆ ఆట కూడా యాప్ దుకాణాల నుంచి మాయమై, 2023 మేలో తిరిగి వచ్చింది. 2025లో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటలపై ఏకంగా చట్టమే చేసింది. దాని దృష్టంతా డబ్బు పందేల మీదే.

సర్వర్లు నడపడానికి ఖర్చవుతుందన్న కంపెనీల మాటలో నిజం ఉంది. ఏ ఆటనూ శాశ్వతంగా నడపమని ఎవరూ అడగడం లేదు. అడగవలసినవి మూడే. లైసెన్సు ఇస్తూ విక్రయమని చెప్పకూడదు. ఎంతకాలం ఆడనిస్తారో సొమ్ము తీసుకునే ముందే చెప్పాలి. మూసేటప్పుడు సర్వర్ లేకుండా ఆడుకునే దారి వదలాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి. వీటితోపాటు అన్యాయ ఒప్పందంపై ఫిర్యాదుకు జిల్లా కమిషన్ తలుపు తెరవాలి.

హైదరాబాద్ రాష్ట్రంలో 1950 నాటి కౌలు చట్టం భూమి దున్నేవాడికి 'రక్షిత కౌలుదారు' అనే హోదా ఇచ్చింది. అతడు యజమాని కాడని చట్టానికి తెలుసు. అయినా యజమాని ఇష్టానుసారం అతణ్ణి వెళ్లగొట్టడానికి వీల్లేదని రాసింది. దున్నేవాడికి ఆ రక్షణ ఎవరూ ఊరికే ఇవ్వలేదు, పోరాటాల తర్వాతే వచ్చింది. పూర్తి ధర చెల్లించి కూడా కౌలుదారుగా మిగిలినవాడికి కనీసం ఆ పాటి రక్షణ ఉండాలని అడగడం అత్యాశేమీ కాదు.